ఉప్పు మూట మోసిన మల్లన్న

నల్లమల తూర్పు వాలు మీదుగా పైకి వెళ్లే ఘాట్ రోడ్డులో చివరి మలుపు దాటగానే మూటల కనుమ వస్తుంది. బస్సు ఇక్కడ కాసేపు ఆగుతుంది. రోడ్డుకు ఎడమ పక్కన రాతి మెట్లు, వాటి పైన వేపచెట్ల నీడలో చిన్న గోపురం, దాని వెనుక పాము పడగ విప్పినట్టు ముందుకు వంగిన పెద్ద బండ కనిపిస్తాయి. ఆ బండను పడగరాయి అంటారు. గర్భాలయం ఆ రాతి కిందనే ఉంది. పక్కన సత్రం, మంచినీళ్ల బావి ఉన్నాయి. బావి నీళ్లు ఎండాకాలంలోనూ తియ్యగా ఉంటాయి.

ఇక్కడ వెలసిన స్వామి మల్లికార్జునుడు. అయితే లింగం మిగతా శివాలయాల్లోలా నున్నగా, నిటారుగా ఉండదు. అడుగున వెడల్పుగా, నడుమ ఉబ్బెత్తుగా, మెడ దగ్గర తాడుతో బిగించినట్టు నొక్కుకుపోయి ఉంటుంది. మొదటిసారి చూసిన పిల్లలు “గోనె మూట” అని వేలు చూపిస్తారు. పెద్దలు వారిని కోప్పడనక్కర లేదు. ఈ స్వామి పేరే మూటల మల్లన్న. మా కుటుంబం తరతరాలుగా ఇక్కడ అర్చన చేస్తోంది. మా తాతగారు మెట్ల మీద కూర్చుని యాత్రికులకు చెప్పిన కథను, నాకు గుర్తున్నంతవరకు ఆయన చెప్పిన తీరులోనే ఇక్కడ రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ రోడ్డు లేదు, గుడి లేదు. ఎద్దు వెనుక ఎద్దు నడిచేంత సన్నని బాట మాత్రం ఉండేది. సముద్రపు ఒడ్డున పండిన ఉప్పు ఈ బాట మీదుగానే పడమటి సీమకు వెళ్లేది. తిరుగు ప్రయాణంలో అవే ఎద్దుల మీద జొన్నలు, పత్తి తూర్పుకు దిగేవి. పులుల భయం, దొంగల భయం ఉండటం వల్ల వర్తకులెవరూ ఒంటరిగా బయలుదేరేవారు కాదు. అందరూ కలిసి బిడారు కట్టి, ఒకరిని పెద్దగా ఎన్నుకుని, ఆయన మాట మీద నడిచేవారు.

అటువంటి ఒక బిడారుకు పర్వతయ్య శెట్టి చాలా కాలం పెద్దగా ఉన్నారు. తల్లిదండ్రులు పోయేనాటికి ఆయనకు మీసాలు కూడా సరిగా రాలేదు. ఇంట్లో పాలు మరవని తమ్ముడు ఓబులయ్య ఉన్నాడు. కొత్తగా కాపురానికి వచ్చిన గురవమ్మ ఆ పసివాడిని చంకనెత్తుకుని పెంచింది. తరువాత ఆమెకు బిడ్డలు పుట్టినా, ఎవరైనా అడిగితే “మా పెద్దవాడు ఓబులు” అనే చెప్పేది.

బిడారుకు పెద్ద అయినవాడు అందరికంటే ముందు నడవడం అప్పటి ఆచారం. ముందు చేరినవాడి సరుకుకు సంతలో మంచి గిరాకీ ఉంటుంది. పర్వతయ్య ఆ ఆచారాన్ని మార్చి, చివరి ఎద్దు వెనుక నడవడం మొదలుపెట్టారు. ఎవరి ఎద్దు కుంటినా, ఎవరికి జ్వరం తగిలినా, వారి సరుకును అందరూ తలా కాస్త పంచుకుని మోయాలని కట్టుబాటు పెట్టారు. ఆయన బిడారు సంతకు ఆలస్యంగా చేరేది గాని, ఏ ఇంటి సరుకూ అడవిలో మిగిలిపోయేది కాదు. అందుకని ఏటికేడాది ఆయన వెంట నడిచేవారు పెరిగారు. వర్తకంలో కలిసి వచ్చిన దానితో దారి పొడవునా బావులు తవ్వించారు, వేసవిలో చలివేంద్రాలు పెట్టించారు. చెంచు గూడేల మీదుగా వెళ్లిన ప్రతిసారీ ఉప్పు పంచి వెళ్లేవారు. ఉగాదికి భార్యాబిడ్డలతో శ్రీశైలం వెళ్లి స్వామిని దర్శించుకునేవారు. పెళ్లయిన నాటి నుంచి ఆ యాత్ర తప్పలేదు. గురవమ్మ నిండు చూలాలుగా ఉన్న ఏడు కూడా డోలీలో కూర్చుని వెళ్లింది.

ఓబులయ్య పెరిగి చురుకైన వర్తకుడయ్యాడు. అన్న పద్ధతి అతనికి నచ్చలేదు. “కుంటి ఎద్దుల కోసం ఆగితే మనమూ కుంటివాళ్లమే అవుతాం అన్నా” అని ఒకనాడు అందరి ఎదుట అన్నాడు. పర్వతయ్య నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు తమ్ముడికి తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. వయసులో ఉన్న వర్తకులను వెంటబెట్టుకుని వేరే బిడారు కట్టుకున్నాడు, ఇల్లూ మార్చాడు. అప్పటి నుంచి అన్నదమ్ములు దారిలో ఎదురుపడితే ఎద్దుల మెడగంటలు మోగేవి గాని మనుషుల మాట వినిపించేది కాదు. గురవమ్మ మాత్రం ఏటా ఊరగాయ పెట్టినప్పుడు ఒక జాడీ మరిది ఇంటికి పంపేది. ఖాళీ జాడీ శుభ్రంగా కడిగి తిరిగి వచ్చేది. రెండిళ్ల మధ్య మిగిలిన రాకపోకలు అవే.

ఏళ్లు గడిచాయి. పర్వతయ్యకు మనుమలు, మునిమనుమలు పుట్టారు. మోకాళ్లు మాట వినడం మానేశాయి. ఇక ఇంటిపట్టున ఉండమని కొడుకులు బతిమాలారు. “ఈ ఉగాదికి ఒక్కసారి స్వామిని చూసి వస్తాను. తరువాత మీరు కూర్చోమన్న చోట కూర్చుంటాను” అని ఆయన వారికి మాట ఇచ్చారు. అది ఆయన చివరి యాత్ర అని తెలిసి బంధువులు, బిడారులోని వారు అందరూ బయలుదేరారు. గురవమ్మ భ్రమరాంబకు పట్టుచీర, తన చేతులతో దంచిన పసుపు, దీపానికి నువ్వుల నూనె మూట కట్టుకుంది.

కనుమ కింది వాలుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ సాయంత్రం కనుమ ఎక్కి దాటితేనే ఉగాది నాటికి శ్రీశైలం చేరగలరు. అప్పటికే తూర్పున నల్లగా మబ్బు కమ్ముకొస్తోంది.

వాలు మొదట్లో ఒక బిడారు చెల్లాచెదురుగా పడి ఉంది. ఎద్దులకు గాలికుంటు తగిలి, నోట నురుగుతో, గిట్టల్లో పుండ్లతో లేవలేక పడుకున్నాయి. దించిన ఉప్పు మూటలు గుట్టగా ఆరుబయట ఉన్నాయి. కప్పడానికి ఏమీ లేదు. వాన పడితే అదంతా నీళ్లయి అడవిలోకి పారిపోతుంది. పడమటి సీమలో ఊరగాయలు పెట్టే రోజులు దగ్గర పడ్డాయి. అక్కడి ఇళ్లన్నీ ఆ ఉప్పు కోసమే ఎదురు చూస్తున్నాయి. ఆ మూటల మధ్య తల పట్టుకుని కూర్చున్నవాడు ఓబులయ్య. అతనికీ జుట్టు నెరిసింది. అన్నను చూసి లేచి నిలబడ్డాడు.

గురవమ్మ డోలీ దిగి నేరుగా అతని దగ్గరకు వెళ్లింది.

“ఓబులూ, పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?”

ఓబులయ్య చిన్నపిల్లవాడిలా తల అడ్డంగా ఊపాడు. “ఎక్కడ తినేది వదినా. వీళ్లంతా నన్ను నమ్మి వచ్చారు. వీళ్ల ఏడాది బతుకు ఈ మూటల్లో ఉంది.”

పర్వతయ్య మబ్బు వైపు, పైన పడగరాయి వైపు చూశారు. ఆ రాతి కిందికి చేరిస్తే ఉప్పు తడవదు. అయితే తమ ఎద్దులను ఇక్కడికి తెస్తే వాటికీ రోగం అంటుకుంటుంది. మనుషులే మోయాలి. మోస్తూ కూర్చుంటే చీకటి పడుతుంది, ఉగాది దర్శనం తప్పుతుంది. మళ్లీ ఉగాదికి తన కాళ్లు రావని ఆయనకు తెలుసు. భార్య వైపు తిరిగారు.

గురవమ్మ అప్పటికే తన మూటను చెట్టుకొమ్మకు తగిలించి, కొంగు నడుముకు బిగిస్తోంది. “స్వామి ఎక్కడికీ పోడు. ఉప్పు పోతుంది. కానివ్వండి” అన్నది.

ఇక ఎవరికీ వేరే చెప్పనక్కర లేకపోయింది. అన్నగారి వైపు వారు, తమ్ముడి వైపు వారు ఒకే వరుసలో కలిసిపోయారు. ఎన్నాళ్లుగానో పలకరించుకోని బావమరదులు ఒకే మూటకు చెరొక కొస పట్టుకున్నారు. ఒకరు పాట అందుకుంటే మిగిలినవారు వంత పలికారు. గాలి లేచి ఆకులు ఎగురుతుంటే ఆడవాళ్లు నవ్వుతూ, ఒకరినొకరు తొందరపెట్టుకుంటూ ఎక్కారు.

పర్వతయ్య మూట ఎత్తుకోబోతే అందరూ వారించారు. “చివర నడిచేది నేను. చివరి మూట నాది” అని, మిగిలిన ఆ ఒక్క మూటను ఆయన భుజానికెత్తుకున్నారు. సగం వాలులో కాలు జారింది. తూలి పడబోతుండగా భుజం మీది బరువు ఉన్నట్టుండి తేలికయింది. తిరిగి చూస్తే ఒక పొడవాటి మనిషి, ఒక భుజాన తన మూట మోస్తూ, రెండో చేత్తో పర్వతయ్య మూటను అడుగు నుంచి పట్టి ఉన్నాడు. జడలు కట్టిన జుట్టు, ఒంటినిండా దుమ్ము, నడుముకు తోలు.

“నా వెనుక ఇంకెవరూ లేరనుకున్నానే” అన్నారు పర్వతయ్య.

“ఎప్పుడూ ఉంటూనే ఉన్నాను శెట్టీ. నువ్వు ముందున్నవాళ్లను చూసుకుంటూ నడుస్తావు కదా” అన్నాడు ఆ మనిషి.

ఇద్దరూ పడగరాయి కిందికి అడుగుపెట్టగానే వాన విరుచుకుపడింది. ఒక్క మూట తడవలేదు. అందరూ రాతి కింద ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు. గురవమ్మ దారికి తెచ్చుకున్న సజ్జ రొట్టెలు, ఉప్పూ మిరపకాయల కారం పంచింది. కొత్త మనిషిని ఓబులయ్య పక్కన కూర్చోబెట్టి వడ్డించింది.

“ఏ ఊరు నాయనా మీది?”

“ఈ కొండలేనమ్మా.”

“ఇంట్లో ఎవరెవరున్నారు?”

“మా ఆవిడ, ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడికి తిండి మీద ధ్యాస. చిన్నవాడు ఇంట్లో నిలవడు.”

“మరి ఆ జుట్టేమిటి అలా ఉంది? ఇంటిదాని చేత కాస్త నూనె పెట్టించుకోరాదూ?”

“చెబుతూనే ఉంటుందమ్మా. నేనే వినను” అని అతను ఇంకో రొట్టె అడిగాడు.

గురవమ్మ ఊరుకోలేదు. దీపం కోసం తెచ్చిన నూనె అరచేతిలో పోసుకుని అతని నడినెత్తిన తట్టి మర్దించింది. ఆ పొడవాటి మనిషి కళ్లు మూసుకుని తల వంచి కూర్చుంటే చుట్టూ ఉన్నవారికి నవ్వు ఆగలేదు. ఓబులయ్య కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే అన్న మోకాళ్లు తన ఒళ్లోకి తీసుకుని పిసకసాగాడు. అన్నదమ్ముల మధ్య మాటలు అలా మొదలయ్యాయి. ఏం మాట్లాడుకున్నారో మా తాతగారు ఎప్పుడూ చెప్పలేదు, ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు.

తెల్లవారేసరికి వాన వెలిసింది. పర్వతయ్య లేవబోయారు గాని కాళ్లు నిలవలేదు. దర్శనం లేదని ఆయనకు అర్థమయింది. శ్రీశైలం ఉన్న దిక్కుకు తిరిగి చేతులు జోడించి కూర్చున్నారు. కళ్ల నీళ్లు తుడుచుకోవడానికి కూడా చేతులు విడదీయలేదు.

అంతలో గురవమ్మ కేక వినిపించింది. “ఆ అబ్బాయి మూట మరిచిపోయి వెళ్లాడు. ఎవరైనా పరుగెత్తి ఇచ్చి రండి.”

ఆ అబ్బాయి ఎవరి మనిషో తెలియలేదు. ఓబులయ్య వైపు వారు అతను పర్వతయ్య గారి మనిషి అనుకున్నారు. వీరు అతను ఓబులయ్య మనిషి అనుకున్నారు. మూట రాతి అంచున, వానకు ఎదురుగా ఉంది. ఇద్దరు పట్టి లేపబోతే కదలలేదు. నలుగురు పట్టినా కదలలేదు. పక్క గూడెం నుంచి వచ్చిన మంతన్న అనే చెంచు పెద్ద వారిని ఆపి, దాని మీద చెయ్యి వేసి చూశాడు. “ఇది రాయి సామీ. నిన్న పొద్దున ఇదే చోట కూర్చుని నేను తేనె పిండుకున్నాను. అప్పుడు ఈ రాయి లేదు” అన్నాడు.

పర్వతయ్యను ఎత్తుకుని తీసుకువచ్చారు. రాత్రంతా వాన కొట్టినా ఆ రాతి తల మీద నువ్వుల నూనె మెరుస్తూనే ఉంది. ఆయన రెండు చేతులూ చాచి దానిని కౌగిలించుకున్నారు. గురవమ్మ మాత్రం నోటి మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది. తాను ఎవరికి తలంటిందో, ఎవరి ఇంటి సంగతులు అడిగిందో అప్పుడు తెలిసింది.

ఆ మధ్యాహ్నం ఆమె రాతికి ఆనుకుని కాస్త కునుకు తీసింది. కలలో ఆ మనిషే వచ్చాడు. ఈసారి జుట్టు నున్నగా దువ్వుకుని ఉన్నాడు. “అమ్మా, నీ రొట్టె తిన్నాక మళ్లీ కొండెక్కబుద్ధి కాలేదు. నేను ఇక్కడే ఉంటాను. మీ ఆయనను నా కోసం ఇక నడవొద్దని చెప్పు. ఈ వాలులో ఎవరు ఎవరి బరువు అందుకున్నా నేను ఒక చెయ్యి వేస్తాను” అన్నాడు. మేలుకుని ఆమె ఆ మాటలు చెబితే పర్వతయ్య చాలాసేపు నవ్వుతూ ఏడ్చారు.

పట్టుచీర భ్రమరాంబకు చేర్చే పని కోడళ్లు తీసుకున్నారు. ఉప్పు పడమటి సీమకు క్షేమంగా చేరింది. రెండు బిడార్లు ఒకటయ్యాయి. వర్తకులందరూ మళ్లీ పర్వతయ్యనే పెద్దగా ఉండమన్నారు. ఆయన తమ్ముడిని దగ్గరకు పిలిచి, చేతికర్ర అతని చేతిలో పెట్టి, “ఇకమీదట చివర నువ్వు నడువు ఓబులూ” అన్నారు. ఓబులయ్య బతికినంతకాలం అలాగే నడిచాడు.

వృద్ధ దంపతులు ఈ కనుమలోనే సత్రం కట్టించి, బావి తవ్వించి, దారిన పోయేవారికి రొట్టె పెడుతూ నిండు నూరేళ్లూ బతికారు. పండుగలకు మనుమల మనుమలు కొండెక్కి వచ్చేవారు. పర్వతయ్య కన్ను మూసిన రోజున కూడా సత్రంలో పొయ్యి ఆరలేదని చెబుతారు. గురవమ్మే ఆరనివ్వలేదట.

ఇప్పుడు ఉగాదికి ముందురోజు వేలమంది యాత్రికులు కింది వాలు దగ్గరే బస్సులు దిగి పాత బాటలో నడిచి వస్తారు. అక్కడ ముఖపరిచయం లేనివారితో మూటలు మార్చుకుని, వారి మూటను పైకి మోసుకురావడం ఈ క్షేత్రపు మొక్కు. సంచులు, సూట్‌కేసులు, చంటిపిల్లల ఊయలలు కూడా చేతులు మారుతాయి. పైకి వచ్చాక ఎవరి మూట వారికి ఇచ్చి, పక్కపక్కన కూర్చుని సజ్జ రొట్టె ప్రసాదం తింటారు. ఇలా కలిసినవారు వియ్యంకులైన సంగతులు, కలిసి కొట్టు పెట్టుకున్న సంగతులు మా దగ్గర చాలా ఉన్నాయి. మాటలు లేని అన్నదమ్ములను ఇంటి ఆడపడుచులు ఏదో ఒక వంక పెట్టి ఇక్కడికి తీసుకువస్తారు. ఆ సాయంత్రం వచ్చిన వారిలో అందరికంటే పెద్ద ముత్తైదువ స్వామికి తలంటుతుంది. పోయిన ఏడు ఆ భాగ్యం దక్కిన అవ్వ, నూనె చాలలేదని మమ్మల్ని గట్టిగానే మందలించింది.

ఆ రోజున చివరి మనిషి పైకి వచ్చేవరకు మేము గుడి తలుపులు మూయము. కనుక ఈ క్షేత్రానికి వచ్చే భక్తులు ఆలస్యమైందని కంగారు పడవద్దు. మీ మూట బరువుగా ఉన్నా మొహమాటపడకుండా పక్కవారికి అందించండి. వారి మూట మీరు అందుకోండి. మల్లన్న మీ ఇంటిల్లిపాదినీ చల్లగా చూస్తాడు.