తాతగారి సంఖ్య

ఏ పటంలోనూ కనిపించని ఒకానొక రాజ్యంలో ఘనకేసరి అనే రాజు ఉండేవాడు. ఆయన తాత సరిగ్గా 6174 రోజులు పాలించి కన్నుమూశాడు. ఆ సంఖ్యను కోట నేలమాళిగ తలుపు మీద చెక్కించారు. దాని ముందు నిలబడితే ఎండాకాలంలోనూ కాళ్ళకు చలి తగిలేదట.

ఆస్థాన పండితుడు శ్రుతకీర్తి దాంతో ఒక నేరపరీక్ష కనిపెట్టాడు. నిందపడ్డవాళ్ళు నాలుగంకెల సంఖ్య చెప్పాలి. నాలుగూ ఒకే అంకె కాకూడదు. ఆ అంకెలను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, అందులోంచి వాటినే తిరగేసి పేర్చిన సంఖ్యను తీసేయాలి. వచ్చినదానితో మళ్ళీ అదే పని. ఏడోసారికల్లా 6174 వస్తే తాతగారు సాక్ష్యం చెప్పినట్టే. దోషిని నేలమాళిగలో పెట్టి తలుపు మూసేసేవారు. అప్పటికి పదకొండు మంది పరీక్షకు నిలబడ్డారు, పదకొండు మందీ లోపలికే వెళ్ళారు.

ఒకరోజు రాజుగారి ముద్ర ఉంగరం పోయింది. పూలు కట్టే పుల్లమ్మ మీద అనుమానం వచ్చింది. ఆమె 3524 అంది.

పండితుడు ఇసుక పలక మీద గీశాడు. 5432లోంచి 2345 పోతే 3087. తర్వాత 8352. ఆ తర్వాత 6174. సభ చల్లబడిపోయింది.

"నేను తియ్యలేదు దొరా. ఇంట్లో చంటిది ఉంది" అంది పుల్లమ్మ.

విదూషకుడు చిట్టంభట్టు లేచాడు. "మహాప్రభూ, తాతగారు ఎలాగూ ఇంతదూరం వచ్చారు. మనవణ్ణి పలకరించకుండా పోతే ఏం బాగుంటుంది? తమరూ ఒక సంఖ్య సెలవియ్యండి."

రాజు మీసం దువ్వి తన పట్టాభిషేక సంవత్సరం చెప్పాడు. "1459."

పండితుడి వేలు కదిలింది. 8082. 8532. 6174.

నేలమాళిగ వైపు నుంచి గాలి వచ్చి దీపాలు రెపరెపలాడాయి.

"ఈ పరీక్ష రాజులకు వర్తించదు" అన్నాడు శ్రుతకీర్తి పలక చెరిపేస్తూ.

"ఆ సంగతి లెక్కకు ఎవరూ చెప్పినట్టు లేదు స్వామీ" అన్నాడు చిట్టంభట్టు. "మా ఆవిడ ఈ ఏడాది నన్ను తిట్టిన తిట్లు 2738. వాటితో వేసినా తాతగారే వచ్చారు. ఎవరు ఏ సంఖ్య చెప్పినా ఆయనే వస్తారు. అది అంకెల స్వభావం. కాదు, పుల్లమ్మ దోషే అంటే, ప్రభువులు కూడా ఆమె వెంట లోపలికి నడవాలి."

రాజు ముఖం పాలిపోయింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. పుల్లమ్మను ఇంటికి పంపేసి, "భట్టూ, ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"ఆ తలుపు తాళంచెవి ఇప్పించండి."

రాజు నవ్వుతూనే వెంట వచ్చాడు. తలుపు తీశారు. లోపల పలికేవాళ్ళు ఎవరూ లేరు. కప్పు సందులోంచి పడే కాస్త వెలుతురులో గోడల నిండా గులకరాళ్ళతో గీకిన లెక్కలు కనిపించాయి. ఒక్కొక్కటి ఒక్కో సంఖ్యతో మొదలైంది, అన్నీ 6174 దగ్గరే ఆగాయి. పాపం, వాళ్ళకు నిజం తెలిసిపోయింది. చెప్పుకోవడానికి మనిషే లేడు.

చిట్టచివరి లెక్క రాజుగారి పట్టాభిషేక సంవత్సరం 1459తో మొదలైంది.

రాజు నవ్వు అక్కడ ఆగింది. మెడలోని హారం తీసి చిట్టంభట్టుకు వేశాడు. ఆ గోడను ఎవరినీ చెరపనివ్వలేదు. ఆ తలుపు మళ్ళీ ఎన్నడూ మూయలేదు.