భూమికి కట్టిన ఉట్టి

ఒకప్పుడు భూమి ఒంటిమీద ఒక్క గీతైనా ఉండేది కాదు. కడిగి బోర్లించిన కుండలా నున్నగా ఉండేది. ఎవరినైనా "ఎక్కడున్నావు?" అని అడిగితే "ఇక్కడే ఉన్నాను" అనేవాళ్ళు. అంతకు మించి చెప్పడానికి మాటే లేదు. చేపలు పొద్దున్నే బయలుదేరి, సాయంత్రానికి మళ్ళీ అక్కడికే చేరి, కొత్త ఊరొచ్చామని సంబరపడేవి.

ఆ రోజుల్లో గోదారి సముద్రంలో కలిసే చోట నూకరత్నం అని ఒకావిడ ఉండేది. కొబ్బరిపీచు నానబెట్టి, దంచి, తాళ్ళు పేనేది. ఆ తాళ్ళతో వలలూ ఉట్లూ అల్లేది. వల అల్లేటప్పుడు నాలుగు వేళ్ళు పెట్టి ప్రతి కన్నూ కొలిచేది. కన్నుకీ కన్నుకీ వెంట్రుకవాసి తేడా వచ్చినా సరే, మొత్తం విప్పేసి మళ్ళీ మొదలెట్టేది. అంత చాదస్తం మనిషి.

ఆవిడకి ఒక తాబేలు నేస్తం ఉండేది. గోదారి ఎర్రనీళ్ళు సముద్రంలోకి ఎంతదూరం వస్తాయో చూసుకుని, ఆ ఎరుపు పట్టుకుని ఏటా ఈదుకుంటూ వచ్చేది. నూకరత్నం గుడిసె ముందు ఇసకలో గుడ్లు పెట్టిపోయేది. పిల్లలు బయటికొచ్చే దాకా నక్కలు రాకుండా నూకరత్నం కాపలా కాసేది. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు.

ఒక ఏడు వానలు సరిగ్గా పడలేదు. గోదారి ఎరుపు సముద్రంలోకి పోనేలేదు. తాబేలు రానేలేదు.

నూకరత్నానికి చేతిలో పని సాగలేదు. రోజూ ఒడ్డున కూర్చుని నీళ్ళకేసి చూసేది. ఒకనాడు గాలి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా! అక్కా! మీ వదిన కనబడింది. ఒడ్డు ఎటుందో తెలీక తిరుగుతోంది. మూడు రోజుల్లో ఒడ్డు చేరకపోతే గుడ్లన్నీ నీళ్ళపాలేనని ఏడుస్తోంది."

"ఎక్కడుందిరా?"

"నీళ్ళలో."

"ఏ నీళ్ళలో?"

"నీలం నీళ్ళలో."

"నీ మొహంలా ఉంది! మళ్ళీ వెళ్ళి చూపించమంటే చూపించగలవా?"

గాలి తల దించుకుంది. "సముద్రమంతా ఒక్కలాగే ఉందక్కా. మళ్ళీ అక్కడికే ఎలా వెళ్ళను?"

నూకరత్నం కాసేపు ఆలోచించింది. భూమి మీద ఒక వల పరిస్తే? ఎన్నో కన్నులో ఉన్నావంటే, ఫలానా కన్నులో ఉన్నానని చెప్పొచ్చు కదా! కానీ అంత వలకి ఊళ్ళో ఉన్న కొబ్బరిపీచంతా చాలదు. అప్పుడే సూర్యుడు సముద్రంలోంచి తల పైకెత్తుతున్నాడు.

"సూరిబాబూ, నీ పొద్దుటి వెలుగు కాస్త ఇస్తావా? తాడు పేనుకుంటాను."

"తీసుకో తల్లీ. దానికి బరువుండదు, సాపుగా పరిస్తే ఎవరి కాళ్ళకీ తగలదు. పేనాక కంటికి కూడా కనబడదు. తడిమితేనే తెలుస్తుంది," అన్నాడు సూర్యుడు.

నూకరత్నం వెలుగుని ఒళ్ళో పోసుకుని పేనింది. ఎంత పేనినా తరగలేదు. అలవాటు ప్రకారం నాలుగు వేళ్ళతో కొలిచి, అన్ని కన్నులూ సమానంగా వల అల్లింది. గాలి ఆ వలని ఎత్తుకెళ్ళి భూమి మీద కప్పింది.

భూమి నడుం దగ్గర చక్కగా అతికింది. పైకి పోయేకొద్దీ ముడతలు పడింది. కొసకి వెళ్ళేసరికి పోగులన్నీ ఒక కుప్పయి పడ్డాయి. అక్కడ మంచులో పడుకున్న తెల్ల ఎలుగుబంటి ఆ కుప్పలో చిక్కుకుని, "ఎవరిదీ చెత్తంతా? నా ఇంట్లో నేనే కదల్లేకపోతున్నాను!" అని గోలపెట్టింది.

ఒక రోజు గడిచిపోయింది.

నూకరత్నం ఇంటికొచ్చి కూలబడింది. ఏడుపొచ్చింది. పైకి చూస్తే, వాసానికి పెరుగుకుండ ఉట్టి వేలాడుతోంది. ఎన్నేళ్ళుగానో తను అల్లుతున్న ఉట్టే. కుండ కింద ఒక ముడి. అక్కణ్ణుంచి తాళ్ళు విడిపోయి, కుండ పొట్ట మీదుగా ఎడంగా పాకి, పైకెళ్ళి మళ్ళీ ఒక్క ముడిలో కలుస్తున్నాయి. కన్నులన్నీ సమానంగా లేవు. పొట్ట దగ్గర పెద్దవి, పైకెళ్ళేకొద్దీ చిన్నవి. అయినా కుండ ఎంత నిశ్చింతగా కూర్చుందో!

"గుండ్రటిదానికి వలేమిటే పిచ్చిదానా, ఉట్టి కట్టాలి గానీ!" అని తనని తనే తిట్టుకుంది.

కానీ చేతులు ఒప్పుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ చేతులు ఒక్క కన్ను కూడా తేడాగా అల్లలేదు. వేళ్ళు వాటంతటవే కొలవబోయాయి. నూకరత్నం ఆ నాలుగు వేళ్ళనీ పిడికిట్లో బిగించి, "ఈ ఒక్కసారికి ఊరుకోండి. అక్కడ నా వదిన ఏడుస్తోంది," అంది.

వల విప్పేసింది. ముందుగా భూమి నడుముకి ఒక మొలతాడు కట్టింది. భూమికి చక్కిలిగింత పుట్టి, సముద్రాలు తొణికేంతగా నవ్వింది. మొలతాటికి పైన ఒక చుట్టు, దాని పైన ఇంకొక చుట్టు. పోనుపోను చుట్లు చిన్నవయ్యాయి, గాజంత, ఉంగరమంత. తొంభయ్యోది చుట్టు కూడా కాలేదు, చుక్కయి కూర్చుంది. కింద వైపూ అలాగే తొంభై.

చుట్లు గునిశాయి. "మేమెప్పటికీ ఒకళ్ళనొకళ్ళం తాకమా?"

"మీరు తాకితే లెక్క తప్పుతుంది. ఉండండి, మీకు చుట్టాల్ని తెస్తాను," అంది నూకరత్నం.

పై చుక్క దగ్గర ముడేసి, తాళ్ళు కింది చుక్కదాకా దించింది. మూడువందల అరవై తాళ్ళు, అన్నీ ఒకే పొడుగు. నడుం దగ్గర ఎడంగా నిలబడి, కొసలకి వెళ్ళేకొద్దీ దగ్గరై, చివరికి కావలించుకున్నాయి. ప్రతి నిలువు తాడూ ప్రతి చుట్టునీ ఒక్కో చోట తాకింది. చుట్లకి బెంగ తీరింది.

సూర్యుడు ముచ్చటపడ్డాడు. "భూమి తిరుగుతుంటే ఒక్కో తాడూ నా ఎదుటికి వస్తుంది. వచ్చిన తాడుకల్లా, ఇదుగో నీకు మధ్యాహ్నమైందని చెబుతాను."

చుట్లని మొలతాటి నుంచి లెక్కపెట్టొచ్చు. మరి నిలువు తాళ్ళని ఎక్కణ్ణుంచి? అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదా! నూకరత్నానికి తన గుమ్మం ముందు తాడునే మొదటిది చెయ్యాలని ఆశ పుట్టింది. ఎలుగుబంటి తన ఇంటి నుంచి లెక్కపెట్టమంది. "నీ ఇంటి దగ్గర అన్ని తాళ్ళూ ఉన్నాయి, ఏదని లెక్కపెట్టను?" అంది గాలి. తగువు ముదిరింది. రెండో రోజూ గడిచిపోయింది.

"పోనీరా. ఎక్కడైతేనేం, అందరికీ ఒకటే మొదలైతే చాలు. కళ్ళు మూసుకుని ఒకటి పట్టుకో," అంది నూకరత్నం.

గాలి కళ్ళు మూసుకుని పట్టుకున్న తాడు ఎక్కడో పడమట, ఎప్పుడూ మబ్బు పట్టి ఉండే ఊరి మీదుగా పోయేది. నూకరత్నం ఆ ఊరిని చూడనేలేదు. అదే మొదటి తాడైంది. తడిమితే లెక్క తెలిసేలా, ప్రతి చుట్టుకీ ప్రతి తాడుకీ అడుగడుగునా దాని వరసెంతో అన్ని ముళ్ళేసింది నూకరత్నం.

మూడో రోజు తెల్లవారగానే గాలి సముద్రాలన్నీ తిరుగుతూ అరిచింది. "తాబేలూ, నీ పొట్ట కింద ఎన్నో చుట్టుంది?"

దూరం నుంచి చిన్న గొంతు వినిపించింది. "మొలతాటికి పైన పదమూడు!"

గాలి పదమూడో చుట్టు పట్టుకుని, దాని చివర తాబేలు ఉంటుందనుకుని పక్కకైనా చూడకుండా పరుగెత్తింది. ఎడారులు దాటింది, కొండలు దాటింది, భూమినంతా చుట్టి కళ్ళు తిరిగి నూకరత్నం ఒళ్ళో పడింది. "అక్కా, ఆ చుట్టుకి చివరే లేదు!"

"చుట్టొక్కటే చెబితే ఎలారా? తాడు కూడా అడుగు. రెండూ కలిసిన చోటే ఉంటుంది."

గాలి మళ్ళీ అరిచింది. "మొదటి తాడు నుంచి తూర్పుకి ఎన్నోది?"

"ఎనభై నాలుగు!"

నూకరత్నం తన గుమ్మం ముందు ఇసకని తడిమి చూసుకుంది. అక్కడ పదహారో చుట్టు, ఎనభై రెండో తాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "పైకి మూడు, పడమటికి రెండు. అంతే దూరమని చెప్పు. త్వరగా రమ్మను."

ఆ సాయంత్రం అలల్లోంచి ఒక నల్లటి వీపు పైకి తేలింది. తాబేలు రొప్పుతూ ఇసక మీదికి పాకింది.

"ఏం వదినా, దారి మరిచిపోయావా?" అంది నూకరత్నం, కళ్ళు తుడుచుకుంటూ.

"ఎరుపే రాకపోతే దారి ఎక్కడుంది, మరిచిపోవడానికి?" అంది తాబేలు. గుడ్లన్నీ ఇసకలో భద్రంగా దాచి, తృప్తిగా కళ్ళు మూసుకుంది.

యాభై రోజులకి పిల్లలు బయటికొచ్చాయి. నూకరత్నం ఒక్కోదాన్నీ అరచేతిలోకి తీసుకుని, "పదహారు, ఎనభై రెండు. మరిచిపోకే తల్లీ," అని చెవి దగ్గర చెప్పి నీళ్ళలోకి వదిలింది.

అప్పటినుంచే భూమి మీద అడ్డచుట్లు ఒకదాన్నొకటి తాకకుండా తిరుగుతాయి, నిలువు తాళ్ళు మాత్రం పై కొసనా కింది కొసనా కలుసుకుంటాయి. బళ్ళో భూగోళం మీద గీసి, వాటినే అక్షాంశాలు, రేఖాంశాలు అంటారు. భూమి మీద మాత్రం అవి ఎవరి కంటికీ కనబడవు. అయినా అప్పటినుంచే తాబేలు పిల్ల ఎన్ని సముద్రాలు తిరిగినా, ఎన్నేళ్ళు గడిచినా, తను తల్లయ్యే వేళకి తను పుట్టిన ఇసకకే వెతుక్కుంటూ వస్తుంది.