డిసెంబరులో పెట్టిన కాంతి పాఠం

జనవరి నెలాఖరుకల్లా సిలబస్ మొత్తం పూర్తి చేసిన సైన్సు టీచరు ఆ మండలంలో నాగవేణి ఒక్కతే. మండల సమావేశంలో లేచి నిలబడమని చప్పట్లు కూడా కొట్టారు. ఏప్రిల్ పరీక్షల్లో మాత్రం ఆమె ఎనిమిదో తరగతిలో సగానికి పైగా పిల్లలు కాంతి పాఠం మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఖాళీగా వదిలేశారు. తప్పు రాసి ఉంటే కొంత నయంగా ఉండేది. ప్రశ్న నంబరు వేసి, కింద ఏమీ రాయకుండా గీత కొట్టేశారు.

వేసవి సెలవులంతా ఆ ఖాళీ కాగితాలు ఆమెను పీక్కుతిన్నాయి. చెప్పడంలో లోపమా అని మొదట అనుమానపడింది. కాంతి పాఠమంటే ఆమెకు ప్రాణం. అద్దాలు, టార్చి లైటు, అట్టపెట్టెతో చేసిన సూదిబెజ్జం కెమెరా, ఏదీ వదలకుండా చూపించి మరీ చెప్పింది. కాబట్టి లోపం తనలో లేదు, ప్రణాళికలో ఉందని తేల్చుకుంది. మనిషి తనను తాను పక్కన పెట్టి వెతికితే లోపం ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటుంది.

జూన్‌లో బడి తెరవగానే నాలుగు రోజులు కూర్చుని కొత్త ప్రణాళిక వేసింది. పెద్ద డ్రాయింగ్ షీటు మీద వారానికి ఒకటి చొప్పున నలభై గడులు. మొక్కలకు ఆకుపచ్చ, ధ్వనికి నీలం, కాంతికి పసుపు. కాంతి పాఠం పోయిన ఏడాది లాగే డిసెంబరులో పడింది, ఈసారి ఒక వారం అదనంగా ఇచ్చి మూడు గడులు నిండుగా రంగు వేసింది. షీటు మొత్తం మీద ఒక్క గడి ఖాళీ లేదు. మిగతా బళ్లకు నమూనాగా గోడకు తగిలిస్తాం, సోమవారం తెచ్చివ్వమని మండల విద్యా కార్యాలయం నుంచి కబురొచ్చింది.

శనివారం ఒంటిపూట బడి అయ్యాక, ఆ షీటు చుట్టి పట్టుకుని బసప్ప సారు ఇంటికి వెళ్లింది. ఆదోనికి పడమరగా ఉన్న ఆ ఊరి బడిలోనే ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరయిన మనిషి ఆయన. నాగవేణికి ఎనిమిదో తరగతిలో కాంతి పాఠం చెప్పింది ఆయనే. ఆయన నోటి వెంట బాగుంది అన్న మాట వింటే చాలు, సోమవారం కొట్టే చప్పట్లు ఆమెకు అక్కరలేదు.

సారు గుమ్మంలో కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. భార్య పోయినప్పటి నుంచి ఆ పనులన్నీ ఆయనవే. చేతులు వణుకుతున్నాయి, గుండీ ఒక చోట, సూది ఒక చోట పడుతున్నాయి.

"రామ్మా. ఏందది, అంత పొడుగు?"

"ఈ యేటి ప్రణాళిక సార్. ఎనిమిదో తరగతిది. మీరు ఒకసారి చూడాల."

నేల మీద షీటు పరిచింది. సారు కళ్లద్దాలు సర్దుకుని, మోకాళ్ల మీద వంగి, మొదటి గడి నుంచి ఆఖరి గడి దాకా చదివాడు. పసుపు గడుల దగ్గర కాసేపు ఆగాడు.

"శానా బాగుంది" అన్నాడు.

నాగవేణి ముఖం విప్పారింది.

"ఎవురికి?" అన్నాడు సారు.

"అంటే సార్?"

"ఎవురికి చెప్పేకి రాసినావు?"

"ఎనిమిదో తరగతికి సార్."

సారు తల ఊపాడు. "పోయినేటి ఎనిమిదో తరగతి హాజరుపట్టీ యాడుంది?"

అది ఆమె సంచిలోనే ఉంది. దాంతో పాటు ఒక ఎర్ర పెన్ను కూడా ఉంది. ఆ పిల్లలందరూ ఇప్పుడు తొమ్మిదిలోకి వచ్చారు, అయితే బడి తెరిచాక ఒక్కరోజు కూడా రానివాళ్లు అయిదుగురున్నారు. వాళ్ల పేర్లు కొత్త పట్టీలోంచి కొట్టేసి సోమవారం ఇమ్మని హెడ్మాస్టరు చెప్పాడు. పాత పట్టీతో సరిచూసుకుని కొట్టేద్దామని తెచ్చుకుంది.

"చదువు" అన్నాడు సారు. "ఒక్కో వారం చదువు. ఆ వారం బడికి రానోళ్ల పేర్లు."

ఆయన సూదిలోంచి దారం లాగేశాడు. ఆమె మొదటి పేరు చదవగానే, జూన్ మొదటి గడిలో సూది దింపాడు.

"సార్!" నాగవేణి షీటు అంచు పట్టుకుంది. "సోమవారం ఆఫీసులో ఇయ్యాల సార్ దాన్ని."

"చదువుమ్మా."

"ఇది పోయినేటి పట్టీ సార్. ఈ ప్రణాళిక కొత్త పిల్లోళ్లకు గదా."

"ఊరు గూడా కొత్తదేనా?"

ఆమె మళ్లీ పట్టీ మీదికి వంగింది. చదవడం మొదలుపెట్టింది.

సారు పని పద్ధతిగా చేస్తున్నాడు. ప్రతి గడిలోనూ ఒక్కో పేరుకు ఒక్కో చోటు పెట్టుకున్నాడు. పట్టీలో మొదటి పేరుకు పై మూల, ఆఖరి పేరుకు కింది మూల. వణికే చేతికి సూది సరిగా దిగడం లేదు, బెజ్జాలు ఒకటి సాగి, ఒకటి చిరిగి, వంకరటింకరగా పడుతున్నాయి. ఆయన దాన్ని పట్టించుకోలేదు.

జూన్, జులై తేలికగానే గడిచాయి. ఆగస్టులో కలుపుతీతలకు పోయినవాళ్లు ఆరుగురు. అక్టోబరులో వేరుశనగ పీకడానికి తొమ్మిదిమంది. దీపావళి అయ్యాక, నవంబరు రెండో వారంలో సుగ్గి మొదలైంది. ఆ ఊళ్లో వానల మీద నమ్మకం తక్కువ. పంట ఇంటికొచ్చినా రాకపోయినా, తాళాలు వేసి, పిల్లాజెల్లాతో లారీలెక్కి గుంటూరు వైపు పత్తి తీతలకు, మిరప కోతలకు పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. మళ్లీ ఉగాది దాపున దిగుతారు. నాగవేణి పుట్టి పెరిగిందీ ఆ ఊళ్లోనే. ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

"ఈరన్న. లింగప్ప. నరసమ్మ. మాబున్ని. హుసేనమ్మ..."

పదిహేడు పేర్లు. తర్వాతి వారం మళ్లీ అవే పదిహేడు.

"ఈ వారం గూడా వాళ్లే సార్. పోయిన వారం మాదిరే."

"పేర్లు చదువు."

చదివింది. డిసెంబరు మొదటి వారం చదివింది, రెండో వారం చదివింది. పసుపు రంగు మీద సూది దిగుతున్న చప్పుడు ఆమెకు ఒంట్లోకి దిగుతున్నట్టే ఉంది. ఎర్ర సిరాతో తనే పెట్టిన గుర్తులవి. రోజూ పొద్దున పేరు పిలిచి, పలకకపోతే గుర్తు పెట్టి, ఆ తర్వాత అద్దాలు, టార్చి తీసుకుని పాఠంలోకి వెళ్లిపోయేది. ఇప్పుడు పాఠం లేదు, పేర్లే ఉన్నాయి.

పట్టీలో ఆఖరి పేరు ఉరుకుందమ్మది. ఆ పేరు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆమె గొంతు తగ్గుతోంది. సారు గమనించాడేమో తెలియదు, ఒకసారి మాత్రం, "ఆ పేరు వినపళ్లేదు" అన్నాడు. ఆమె మళ్లీ చదివింది.

ఆ పిల్ల సుగ్గి నుంచి మార్చి నెలలో తిరిగొచ్చింది. చేతివేళ్ల చివర్లు మిరపకాయల మంటకు ఎర్రబడి ఉన్నాయి. క్లాసులో అప్పటికి పునశ్చరణ నడుస్తోంది. వెనక బెంచీలో కూర్చుని, "మేడం, అట్టపెట్టెలో బొమ్మ తలకిందులుగా కనపడుతుందంట గదా, అదెట్ల?" అని అడిగింది. నాగవేణి చేతిలో సుద్దముక్క ఉంది, బోర్డు మీద ఇంకా ఎనిమిది ప్రశ్నలున్నాయి. "ఆ పాఠం ఎప్పుడో అయిపోయింది. నీ ఒక్కదాని కోసం మళ్లీ మొదటి నుంచి చెప్పేకి కాదు" అంది. కసురుకోలేదు. ఉన్న మాటే అన్నాననుకుంది. ఆ మర్నాటి నుంచి ఉరుకుందమ్మ బడికి రాలేదు. పరీక్షలకూ రాలేదు, జూన్‌లోనూ రాలేదు. సంచిలో ఎర్ర పెన్ను ఎదురుచూస్తున్న అయిదు పేర్లలో అదొకటి.

ఆఖరి వారం చదవడం అయ్యేసరికి నాలుగు దాటింది. పడమటి వాకిట్లోంచి ఎండ ఏటవాలుగా ఇంట్లోకి వచ్చి, సున్నం కొట్టిన గోడ మీద పడుతోంది. సారు సూదిని చొక్కా అంచుకు గుచ్చుకుని, గోడ పట్టుకుని లేచాడు. షీటును రెండు చేతులతో విప్పి, గోడకు మూరెడు దూరంలో ఎండకు అడ్డంగా పట్టుకున్నాడు.

గోడ మీద షీటు నీడ పడింది. ఆ నీడలో కందిగింజలంత వెలుగు చుక్కలు.

జూన్ దగ్గర ఒకటీ అరా. అక్టోబరు దగ్గర చిక్కబడ్డాయి. డిసెంబరులోని పసుపు గడులు మూడూ ఎక్కువ భాగం చుక్కలతోనే నిండిపోయాయి. సారు చేతుల వణుకుకు చుక్కలన్నీ కదులుతున్నాయి, పేరు పిలిస్తే పలకడానికి లేచిన పిల్లల్లా.

నాగవేణి చూపు కింది మూలలకు పోయింది. నవంబరు రెండో వారం నుంచి ప్రతి గడి కింది మూలలోనూ ఒక చుక్క ఉంది. మార్చిలో ఒక్క వారం లేదు. మళ్లీ అక్కడి నుంచి షీటు అంచు దాకా, ఒక్కటి తప్పకుండా ఉంది.

ఆమె గోడ దగ్గరికి వెళ్లి, చుక్క లేని ఆ ఒక్క చోట వేలు పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

సారు షీటు దించాడు. చుట్టచుట్టి ఆమె చేతికిచ్చి, వెనక్కి వచ్చి గుమ్మంలో కూర్చుని, సూదిలో దారం ఎక్కించే పనిలో పడ్డాడు. రెండుసార్లు గురి తప్పింది. నాగవేణి తీసుకుని ఎక్కించి ఇచ్చింది.

"సార్, ఉరుకుందమ్మ వాళ్ల ఇల్లు యాడ?"

సారు తల ఎత్తలేదు. "నాకెట్ల తెలుస్తాది? నీ క్లాసు పిల్ల."

ఆదివారం పొద్దున నాగవేణి ఊళ్లో ఆరు సందులు తిరిగింది. ఏడో సందులో ఎవరో, "పత్తి విత్తనం పెట్టేకి పోయినారు, వంక అవతల" అన్నారు. చేతిలో చుట్టిన షీటు అలాగే ఉంది. ఎందుకు తెచ్చిందో ఆమెకే సరిగా తెలియదు.

వంక దాటాక నల్లరేగడి చేలో నలుగురు ఆడవాళ్లు వంగి సాళ్లలో విత్తనాలు పెడుతున్నారు. ఆఖరి సాల్లో ఉరుకుందమ్మ. మేడాన్ని చూసి నడుం నిటారు చేసి, చేతులు లంగాకు తుడుచుకుంది. ముఖంలో సంతోషమూ భయమూ రెండూ కనిపించాయి. పక్క సాల్లోంచి వాళ్లమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తోంది.

దారి పొడుగునా నాగవేణి కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు.

"ఏంది మేడం, అది?" అంది ఉరుకుందమ్మ.

నాగవేణి షీటు విప్పింది. రంగులు చూసి పిల్ల ముచ్చటపడి దగ్గరికొచ్చింది. అంతలోనే కళ్లు చిట్లించింది.

"చెదలు పట్టింది గదా మేడం!"

"పట్టలేదు. చూడు." నాగవేణి షీటును ఎండకు ఎత్తి పట్టుకుంది.

నల్లరేగడి మీద చుక్కలు సరిగా ఆనలేదు. ఉరుకుందమ్మ వంగి చూసి, మట్టి అంటిన అరచెయ్యి షీటు నీడలో చాపింది. చుక్కలు వచ్చి చేతిలో పడ్డాయి. డిసెంబరు చుక్కలో, జనవరివో. పిల్ల చెయ్యి అటూ ఇటూ తిప్పింది. తల ఎత్తి షీటు వంక చూసింది. మళ్లీ చేతిలోకి చూసుకుంది. అలా రెండుమూడుసార్లు చూసింది.

"మేడం, బెజ్జాలేమో వంకరటింకరగా ఉండాయి" అంది. "చేతిలో మాత్రం అన్నీ గుండ్రంగా పడినాయి. ఎందుకు?"

నిన్న సారు ఇంట్లో అంతసేపు గోడ చూసి కూడా నాగవేణి ఆ సంగతి గమనించలేదు.

బెజ్జం ఎంత వంకరగా ఉన్నా అవతల పడేది గుండ్రటి సూర్యుడి బొమ్మే; డిసెంబరు మూడో వారం, గురువారం, మూడో పీరియడ్‌లో చెప్పాల్సిన సూదిబెజ్జం కెమెరా పాఠం అది. పోయిన ఏడాది అదే రోజున చెప్పి, పక్కన 'పూర్తి' అని రాసుకుంది.

ఆమె షీటు మడిచి పక్కన పెట్టింది. చెప్పులు విడిచి చేను గట్టు మీద కూర్చుంది.

"కూర్చో" అంది. "మొదటి నుంచి చెప్తా."