నెలవంక కాదన్న నక్క

ఆ అడవిలో సంతకు సరుకు తేవాలంటే ముందు గుర్తుల గుట్ట ఎక్కాలి. ఎలుగు దగ్గర తేనె ఉంటే చాలదు, ఉడుము దగ్గర చింతపండు ఉంటే చాలదు. సరుకు కట్టిన మోదుగాకు మీద ఎవరి బొమ్మ వాళ్ళకు ఉండాలి. ఆ బొమ్మను గుట్ట మీది ముసలి తాబేలు డిప్పయ్య పలకరాయి మీద గీయించుకుని రాతిగూట్లో దాచుకుంటాడు. ఆకాశంలో కనబడేవి ఒక గూడు, చెట్టుకు కాసేవి ఒక గూడు, జంతువుల ఒంటివి ఒక గూడు, పనిముట్లు ఒక గూడు. కొత్త బొమ్మ వస్తే, అది ఏ గూటిదో ఆ గూట్లోని పాత బొమ్మల పక్కన పెట్టి చూస్తాడు. పోలిక కనబడిందా, పొమ్మంటాడు. లేదా, తన కాలిముద్ర వేస్తాడు. వేశాక ఆయనే చెరపలేడు.

సంతరోజు కాకి కొమ్మెక్కి ఏ కొట్టు ఏ గూటిదో అరిచి చెప్పేది. "ఆకాశం గూడు, నెలవంక, సూరమ్మ రేగు వడియాలు" అందంటే చాలు, సగం సంత అటే పరిగెత్తేది.

సూరమ్మ ముసలి కుందేలు. పెనిమిటిని వేటకుక్కలు ఎత్తుకుపోయిన ఏడు, నలుగురు పిల్లలను కలుగులో పెట్టుకుని రోకలి పట్టింది. ముళ్ళకంపలో దూరి పళ్ళు ఏరేది. పురుగు పట్టిన పండు ఒక్కటి రోట్లో పడనిచ్చేది కాదు. బెల్లం, మిరప, ఉప్పు వేసి దంచి బండ మీద ఎండబెట్టేది. ఆ నెలవంకను నమ్మి జనం కళ్ళు మూసుకుని కొనేవాళ్ళంటే, ఆ నమ్మకం వెనక దాని ఒంటి మీద ఎన్ని ముళ్ళ గీతలున్నాయో ఎవడికి కావాలి?

ఒకనాడు పొద్దున్నే లేడి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం సూరమ్మక్కా, నీకూ ఇదే బుద్ధి పుట్టిందా? నీ వడియం తిని మా పిల్ల కడుపు పట్టుకుని దొర్లుతోంది. నోట్లో వేసుకుంటే ఇసుక."

సూరమ్మ లేడి తెచ్చిన మోదుగాకు తిప్పి చూసింది. నెలవంకే. కానీ ఒక కొసన చిన్న కాడ లాంటిది తగిలించి ఉంది.

"ఇది నాది కాదే తల్లీ. ఎవడమ్మాడు?"

"నక్క గవర్రాజు, సంత బయట దారిలో. ఇవాళ ముద్ర వేయించుకోవడానికి గుట్టెక్కాడట."

ముద్ర పడితే ఇక ఇసుక వడియానికీ తన వడియానికీ తేడా తెలిసేదెవరికి? సూరమ్మ రోకలి అక్కడే పడేసి ఉరికింది.

గుట్ట మీద గవర్రాజు చేతులు కట్టుకుని, వినయం ఒలకబోస్తూ నిలబడి ఉన్నాడు.

"ఏం బొమ్మ నాయనా ఇది?" అన్నాడు డిప్పయ్య.

"కొడవలి తాతా. పనిముట్ల గూట్లో పెట్టించండి."

"తాతా, అది నా నెలవంక," అంది సూరమ్మ రొప్పుతూ. "కింద కాడ తగిలించాడంతే."

"అత్తా, నీకు చత్వారం వచ్చింది," అన్నాడు గవర్రాజు. "చంద్రుడికి పిడి ఉంటుందా? ఉంటే దేవుడు పట్టుకుని గడ్డి కోసుకునేవాడు."

డిప్పయ్య తల లోపలికి లాక్కుని, ఆలోచించి, మళ్ళీ బయటపెట్టాడు. "నా కళ్ళు మసక సూరమ్మా. తెచ్చినవాడు ఏదంటే అదే, తాతల నాటి ఆచారం. పనిముట్టు అన్నాక ఆకాశం గూడు నేను తెరవను."

సూరమ్మ ఏడవడానికి నోరు తెరిచింది కూడా. అంతలో దాని చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. ఈ గుట్ట తనకు కొత్తా? ఏ గూట్లో ఎవరి బొమ్మ కూర్చుందో తనకు తెలియదా?

"నిజమే తాతా, కొడవలే," అంది. "నాదే పొరపాటు. పనిముట్ల గూడు తియ్యండి మరి."

డిప్పయ్య గూడు తీశాడు. మొదటి పలకే కొడవలి. ఏదుపంది ముళ్ళయ్యది, గడ్డిమోపులు అమ్ముకునేవాడిది. గుట్ట కింద మోపు దించుకుంటున్న ముళ్ళయ్యకు మాట వినబడింది.

"ఎవడ్రా నా కొడవలి మీద చెయ్యేసింది?" అంటూ ముళ్ళు విరబోసుకుని ఎక్కేశాడు.

గవర్రాజు వెనక్కి తిరిగాడు, ముళ్ళయ్య ముందుకు జరిగాడు. రెండు ముళ్ళు దిగాయి. ఎక్కడ దిగాయో గవర్రాజు కూర్చోవడం మానేశాడు గనక తెలిసింది.

"అయ్యో అల్లుడూ," అంది సూరమ్మ జాలిగా. "అరటిపండు అనరాదూ? తొడిమ కూడా ఉందిగా."

"అదే తాతా, అరటిపండు. కంగారులో నోరు జారింది."

"అరటిపండా?" బండ వెనక నుంచి కోతి కొండమ్మ దూకింది. "మా అమ్మమ్మ నాటి గుర్తు. నీ అబ్బ సొమ్మనుకున్నావురా?" అంటూ గవర్రాజు తోక పట్టుకుని గుట్ట చుట్టూ ఒక చుట్టు తిప్పుకొచ్చింది. డిప్పయ్య మెడ కూడా వాళ్ళతోపాటే తిరిగింది.

"కొమ్ము అను అల్లుడూ, కొమ్ము," అని అందించింది సూరమ్మ. "ఒంటి గూట్లో ఖాళీ ఉందేమో."

"కొమ్ము తాతా, కొమ్ము."

గుట్ట అదిరింది. దున్నపోతు భీమన్న మెల్లగా ఎక్కి వచ్చాడు. ఆయనకు తొందరెప్పుడూ లేదు.

"కొమ్మటగా," అన్నాడు తల వంచి. "పక్కపక్కన పెట్టి పోల్చుకుందాం. ఇలా రా అబ్బాయీ."

గవర్రాజు డిప్పయ్య డిప్ప ఎక్కి నిలబడ్డాడు. "బాబోయ్, అది ఏదీ కాదు. నెలవంకా కాదు, కొడవలీ కాదు, పండూ కాదు, కొమ్మూ కాదు. ఏదీ కాదు."

"ముందే చెప్పొచ్చుగా," అన్నాడు కింద నుంచి డిప్పయ్య. "దానికీ గూడుంది. అన్నిటికన్నా చివరిది, ఏదీ కానివాటి గూడు. మా తాత తొలిపించాడు గానీ ఇంతవరకు ఒక్కడూ రాలేదు."

గూడు తెరిస్తే ఒక సాలీడు తప్ప ఏమీ లేదు. పోల్చడానికి బొమ్మే లేదు. డిప్పయ్య సంబరంగా కాలిముద్ర వేసేశాడు.

రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది గవర్రాజుకు. "చూశావా అత్తా?" అని కుంటుతూనే గంతేశాడు.

"చూశాను అల్లుడూ. ముద్ర చెరగదుగా తాతా?"

"చెరగదమ్మా."

సంతరోజు గవర్రాజు ఇసుక వడియాలు కొండలా పోసుకుని కూర్చున్నాడు, కూర్చోగలిగినంత మటుకు. కాకి కొమ్మెక్కింది.

"ఆకాశం గూడు, నెలవంక, సూరమ్మ రేగు వడియాలు." సగం సంత అటు కదిలింది.

"ఏదీ కానివాటి గూడు, ఏదీ కానిది, గవర్రాజు వడియాలు."

అడవి అంతా నవ్వే.

"ఏం నాయనా, ఇవి రేగు వడియాలేనా?" అని అడిగింది లేడి.

"రేగువే తల్లీ, అచ్చం రేగువి."

"మరి గుట్ట మీద నీ నోటితోనే ఏదీ కాదన్నావట?"

"వడియాలు కూడా కావేమో, కొరికి చూడకండి," అంది కొండమ్మ చెట్టు మీద నుంచి. "పళ్ళు ఊడితే అవి ఏ గూట్లో పెట్టాలో తాతకు తెలియదు."

గవర్రాజు పరుగున గుట్టెక్కాడు. "తాతా, ఒప్పుకుంటున్నా, అది నెలవంకే. మార్చండి."

"మారదన్నానుగా. మార్చగలిగినా ఆకాశం గూడు తీయాలి," అన్నాడు డిప్పయ్య. "అందులో సూరమ్మ ఉందిగా నాయనా."

పులిని చూసి వాత పెట్టుకున్న నక్కకు చివరికి వాతలే మిగిలాయి. ఆ కొండంత ఇసుక వడియాలు తనే తిని వారం రోజులు కలుగులో మూలిగాడు. డిప్పయ్య మాత్రం అప్పటి నుంచి ఎవరేం చెప్పినా వినడం మానేసి, చూపున్న సూరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మలు చూడడం మొదలుపెట్టాడు.

పక్కవాడి పేరు కాజేయడానికి పూటకో పేరు మార్చేవాడికి, తనదని చెప్పుకోవడానికి ఏ పేరూ మిగలదు.