గిట్టలో పట్టని బిడ్డ

ఏటి నడుమ రెల్లులంక ఉంది. ఎండాకాలంలో కూడా అక్కడ మోకాలెత్తు గడ్డి, ఎటు చూసినా నీడ. అక్కడి కణుజు దుప్పులు, జింకలు, కుందేళ్ళు తాతల కాలం నుంచీ ఆ నేల తమదేనని చెప్పుకునేవి. నిజానికి ఆ నేల కూడా ఎక్కడి నుంచో వచ్చిందే. ఎగువ ఊళ్ళ మట్టిని ఏరు మోసుకొచ్చి అక్కడ దింపింది. ఆ మాట వాటి ముందు అంటే ఊరుకుంటాయా మరి.

లంకకున్న భయం ఒక్కటే, వరద. దాన్ని ఆపడానికి చుట్టూ మట్టిగట్టు ఉంది. ఆ గట్టును ఏడాది పొడవునా తడుపుతూ, తొక్కుతూ ఉండాలి. ఒక్క వేసవి వదిలేస్తే బీటలిస్తుంది, బీటలిచ్చిన గట్టును వరద వదిలిపెట్టదు. జింకల సన్నగిట్టలతో అయ్యే పనా అది. అందుకని లంక పెద్దలు అవతలి మెట్టనేల నుంచి గేదెల్ని పిలిపించారు. గట్టు తొక్కండి, కడుపునిండా మేయండి అన్నారు. గేదెలు వచ్చాయి. ఏట్లో మునగడం, నీళ్ళోడుతూ గట్టెక్కి తొక్కడం, మళ్ళీ వెళ్ళి మునగడం, పొద్దున లేస్తే ఇదే పని.

అలా వచ్చినవాటిలో కర్రెమ్మ ఒకతె. కరువులో పుట్టి ఎండుచొప్ప నమిలి పెరిగింది కనుక పొట్టిగా ఉండేది, గిట్టలు కూడా చిన్నవి. ఏరు దాటేటప్పుడు ఆమె వెంట ఇంకా పాలు మరవని పెయ్యదూడ ఉంది. నల్లగా నిగనిగలాడుతుందని దానికి నేరేడు అని పేరు పెట్టుకుంది.

లంక గడ్డి నేరేడుకు బాగా ఒంటబట్టింది. చూస్తుండగానే తల్లి మూపు దాటి ఎదిగింది. పిల్లకు దిష్టి తగులుతుందే అని తోటి గేదెలు అంటే కర్రెమ్మ పైకి విసుక్కునేది గానీ లోపల పొంగిపోయేది. మెట్టలో ఎలా బతకాలో మాత్రం కూతురికి చెప్పలేదు. వానలు మొహం చాటేసిన ఏడు జొన్నచేలో మోళ్ళకు లేత పిలకలు వస్తాయి. చూడ్డానికి పచ్చగా ఉంటాయి, తింటే ప్రాణం తీస్తాయి. మెట్ట దూడలకు ఆ మాట పాలతోపాటే చెబుతారు. కర్రెమ్మ కూడా ఒకసారి చెప్పబోయింది. ఈ పిల్లకు ఆ పాడు కబుర్లెందుకు, ఇది ఇక్కడి పిల్లే కదా అనుకుని ఊరుకుంది.

కానీ నేరేడు ఇక్కడి పిల్ల కావడానికి ఇంకా ఒక గండం మిగిలి ఉంది.

లంకలో ఒక కట్టుబాటు ఉంది. ఏటా వరద తీశాక ప్రతి గేదె రేవులోని ఒండ్రు మీద గిట్ట ముద్ర వేయాలి. అది ఎండి గట్టిపడ్డాక పెద్దలు వచ్చి చూస్తారు. ముద్ర సరిగా ఉన్న గేదెకు మరుసటి వరద దాకా లంకలో చోటు. దూడలకు విడిగా ముద్ర లేదు. తల్లి ముద్ర ఎండాక అందులో దూడ కాలు పడితే అది బిడ్డ, తల్లితోపాటు ఉండొచ్చు. పట్టకపోతే అది బిడ్డ కిందికి రాదు, పరాయి గేదె, ఏరు దాటి పోవాలి. అయితే నాలుగు వరదల పాటు బిడ్డగా నెగ్గుకొచ్చిన దూడ లంకదే అయిపోతుంది. ఆ తర్వాత దాని కాలు ఎవరూ కొలవరు. నేరేడుకు ఇది నాలుగో వరద.

రేవుకు కాపలా జంబయ్య అనే నక్క. ముద్రలు చూసేది, పట్టిందో లేదో తేల్చేది అతనే. గట్టు తొక్కడం చేతకాదు, గడ్డి తినడు, అయినా లంకలో అతని మాటకున్న విలువ ఇంకెవరి మాటకూ లేదు. అదంతా రేవు వల్లే. ఈ నేరేడు నెగ్గితే దాని వెనకాలే మిగతా దూడలూ నెగ్గుతాయి, కొన్నాళ్ళకు కొలవడానికి కాళ్ళే ఉండవు, ఇక రేవులో నక్కతో ఎవరికి పని? ఆ ఆలోచన వచ్చినప్పటి నుంచీ జంబయ్యకు నిద్రపట్టడం లేదు.

ముద్రలు వేసే రోజు పొద్దున్నే కర్రెమ్మ దిగులుగా రేవులో నిలబడి ఉంటే అతనే పలకరించాడు.

"ఏం కర్రెమ్మక్కా, మొహం అలా వాడిపోయిందేం?"

"నీకు తెలీందేముంది తమ్ముడూ. పిల్ల కాలు కిందటేడే అంచుకు రాసుకుంది. ఈ ఏడు పడుతుందో లేదో."

"నువ్వు మరీ అమాయకురాలివి. ఏటా ఆ ఇసకమట్టి మీదే ఎందుకు వేస్తావు? నీళ్ళవార బంకమట్టి అడుసు ఉంది చూడు, అందులోకి దిగు. కాలు విచ్చుకుంటుంది, ముద్ర ఎంత కావాలంటే అంత వస్తుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాలే."

కర్రెమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రేవులో మనవాడంటూ ఒకడున్నాడు కదా అనుకుంది. పైగా అతను చెప్పింది అబద్ధమేం కాదు. అడుసులో కాలు ఎంత వెడల్పు గుర్తు వేస్తుందో ఆమె రోజూ చూస్తున్నదే. ఆమెకు తెలిసిందల్లా తడిమట్టే. మట్టిని ఎండనివ్వకపోవడమే ఆమె పని. మెట్టలో కుంటలు ఎండి బీటలివ్వడం చూసింది గానీ, ఎండిన మట్టిలో పాత కాలిగుర్తు ఏమైందో వెతుక్కోవాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

అడుసులోకి దిగి, ఒంటి బరువంతా ముందుకాలి మీద వేసి, గిట్ట విప్పి మరీ అదిమింది. ముద్ర చక్కగా పడింది, వెడల్పుగా. నేరేడు వచ్చి చూసి, ఇందులో నేనూ నువ్వూ ఇద్దరం పడతామే అమ్మా అని నవ్వింది.

ఎండ బాగా కాసింది. ఇసకమట్టిలో వేసిన ముద్రలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. బంకమట్టి మాత్రం ఎండేకొద్దీ ముడుచుకుపోయింది. చుట్టూ బీటలిచ్చి, మధ్యనున్న ముద్రను నాలుగువైపుల నుంచీ లోపలికి గుంజుకుంది. పెద్దలు వచ్చేనాటికి అది కిందటేటి ముద్ర కంటే చిన్నదై కూర్చుంది.

లంక పెద్ద అయిన ముసలి కణుజు వచ్చి నిలబడింది. నేరేడు కాలు పెట్టింది, పట్టలేదు. తీసి మళ్ళీ పెట్టింది.

"గిట్ట దగ్గరికి లాక్కో తల్లీ, ఇంకాస్త ముడుచుకో" అంది కర్రెమ్మ.

"ముడుచుకున్నానమ్మా."

జంబయ్య వంగి చూసి, తల అడ్డంగా ఊపాడు.

నేరేడు కణుజు వైపు తిరిగింది. "నేను మా అమ్మ కూతుర్నని మీ అందరికీ తెలుసుగా పెద్దయ్యా. ఈ గట్టు మీదే ఆడుకున్నాను, మీ పిల్లలతోనే. అవతల నాకు ఎవరూ తెలీదు."

కణుజు చెడ్డది కాదు. చూపు పక్కకు తిప్పుకుంది. "తెలుసమ్మా, తెలియకపోవడమేంటి. కానీ తెలిసినదాన్ని బట్టి కట్టుబాటు నడవదు. కాలు పట్టిందా లేదా, అంతే. నీ మీద మాకేం కోపం లేదు" అంది.

కర్రెమ్మ ఎంతో చెప్పుకుంది. కిందటేటి ముద్రలో అయితే పట్టేదని, ఇంకోసారి వేయనివ్వమని, తన మేతలో సగం వదులుకుంటానని బతిమాలింది. ఏడాదికి ఒక్క ముద్రే అన్నారు. చివరికి ఆ సాయంత్రం నేరేడు ఏటి ఒడ్డున నిలబడింది. తల్లి కూడా వచ్చి పక్కన నిలబడేసరికి జంబయ్య కంగారుపడ్డాడు.

"నువ్వెక్కడికక్కా? నీ ముద్ర నీకు బాగానే ఉందిగా. నిన్నెవరు పొమ్మన్నారు? గట్టు పని ఎవరు చూస్తారు?"

"ఆ అడుసు ఎండితే ముడుచుకుపోతుందని నీకు ముందే తెలుసు కదూ" అంది కర్రెమ్మ.

"ముద్ర పెద్దగా పడుతుందన్నాను, పెద్దగానే పడింది. ఎండాక ఏమవుతుందో నువ్వడగలేదు, నేను చెప్పలేదు."

"తమ్ముడూ అని పిలిచాను నిన్ను" అని, కర్రెమ్మ కూతురితోపాటు నీళ్ళలోకి దిగింది.

గట్టు మీది గేదెలు ఇదంతా చూశాయి. ఒక్కొక్కటీ తల వంచి తన దూడ కాళ్ళ వైపు చూసుకుంది. లంక గడ్డికి ఆ కాళ్ళూ పెరుగుతున్నాయి. వేసవి వచ్చేలోగా అవి ఒకదాని వెనక ఒకటి దూడల్ని వెంటబెట్టుకుని ఏరు దాటిపోయాయి. జంబయ్య ఎదురు పరుగెత్తి ఈసారి చూసీ చూడనట్టు ఊరుకుంటానని అందరికీ చెప్పాడు. ఆ మాట వినేసరికి అవి ఇంకాస్త తొందరగా నడిచాయి.

మెట్టలో నేరేడు బతుకు కష్టమైంది. ముళ్ళకంప నమలడం రాదు, ఉప్పునీళ్ళు మింగుడుపడవు. అక్కడి గేదెలు దాన్ని లంకపిల్ల అని పిలిచేవి. లంకలో ఉన్నంతకాలం మెట్టపిల్ల అన్నారు. ఎక్కడికి పోతే అక్కడ రెండో ఒడ్డు పేరే దానికి అంటుకుంది. కర్రెమ్మ కూతుర్ని వెంటేసుకుని ఏ చెట్టు కాయ తినొచ్చో, ఏ వాగులో తవ్వితే చెమ్మ తగులుతుందో ఒకటొకటే చూపిస్తూ వచ్చింది. ముందు దాహం, ముందు నీడ. మిగతావి నిదానంగా చెప్పొచ్చు అనుకుంది.

ఒక మధ్యాహ్నం కూతుర్ని తుమ్మచెట్టు కింద పడుకోబెట్టి, నీళ్ళు వెతకడానికి దూరంగా వాగు వైపు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నేరేడు చెట్టు కింద లేదు. జొన్నచేలో మోళ్ళ మధ్య పడి ఉంది. నోటి చుట్టూ నురగ, ఊపిరి ఎగశ్వాసగా వస్తోంది. పక్కన లేత పిలకల మేత ఒకచోట మేయకుండా వదిలేసి ఉంది.

"అమ్మా, ఇక్కడ లంక గడ్డిలాంటిది దొరికింది. నీకూ కొంచెం ఉంచాను" అంది.

అవే దాని చివరి మాటలు. పచ్చగా ఉన్నదల్లా తిండే అయిన నేల మీద పెరిగిన పిల్ల, దానికేం తెలుస్తుంది. తెలిసిన తల్లి చెప్పలేదు. కర్రెమ్మ పొద్దుగూకేదాకా అరిచింది. తన పాలు తాగి పెరిగినదాన్ని తన మౌనమే తీసుకుపోయిందని ఆమెకు తప్ప ఇంకెవరికీ అనిపించలేదు, కానీ ఆమెకు అనిపించడమే చాలు కదా.

చేను వారన ఎండిన కుంట ఉంది. అందులో చెమ్మ ఉన్న రోజుల్లో నేరేడు దిగి వేసిన గిట్ట గుర్తు ఒకటి మిగిలిపోయింది. అక్కడిది ఇసక కలిసిన మట్టి, గుర్తు చెక్కుచెదరలేదు. కర్రెమ్మ మేతకు పోవడం మానేసి ఎక్కువగా దాని పక్కనే పడుకునేది.

ఆ ఏడు ఎగువన ఎక్కడో కుంభవృష్టి కురిసింది, మెట్టలో చుక్క పడలేదు. ఏరు ఎర్రగా పొంగి వచ్చింది. లంక గట్టు వేసవి అంతా ఎండి బీటలిచ్చి ఉంది. తొక్కేవాళ్ళు లేరు. మొదటి దెబ్బకే తెగింది. కణుజులు, జింకలు ఈదగలిగినన్ని ఈది మెట్ట ఒడ్డుకు చేరాయి. వాటి వెనకాల ఒక దుంగ పట్టుకుని జంబయ్య కూడా వచ్చి పడ్డాడు.

ముసలి కణుజు ఆయాసపడుతూ కర్రెమ్మ ముందు తల వంచింది. మాకు ఇక్కడ చోటుందా అమ్మా అని అడిగింది. ఏ ముద్ర వేయాలి, ఎక్కడ వేయాలి అని జంబయ్య కళ్ళు అప్పటికే నేల మీద వెతుకుతున్నాయి.

ఆమె జవాబు చెప్పేలోగా, ఆకలి మీదున్న కణుజు పిల్లలు పచ్చదనం చూసి జొన్నచేలోకి పరుగు తీశాయి. కర్రెమ్మ చూసింది. ఊరుకోవచ్చు. ఊరుకుంటే తప్పుపట్టేవాళ్ళు కూడా లేరు. ఆమె లేచి, ఉన్న కాస్త బలంతో పరుగెత్తి వాటికి అడ్డంగా నిలబడింది.

"అది తినకండి. పచ్చగా ఉంటుంది గానీ విషం. మీ అమ్మలకు తెలీదు, నేను చెబుతున్నాను."

పిల్లలు బెదిరి ఆగాయి.

"నేరేడు ఏదమ్మా?" అంది కణుజు.

కర్రెమ్మ కుంటలోని గుర్తు చూపించింది. ఒక చిన్న కణుజు పిల్ల వెళ్ళి, ఏమీ తెలియక, ఆ గుర్తులో కాలు పెట్టింది. చుట్టూ ఇంకా బోలెడు జాగా మిగిలింది. జంబయ్య అలవాటుగా వంగి చూడబోయి, కర్రెమ్మ తననే చూస్తోందని గమనించి తల దించుకున్నాడు.

"ఇక్కడ ముద్రలు లేవు. నీళ్ళు కూడా లేవు. ఉన్నంతలో ఉండండి" అని కర్రెమ్మ, పిల్లల్ని చెమ్మ దొరికే వాగు వైపు తీసుకెళ్ళింది.

ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఇంతే: పనికి రమ్మని తల్లిని పిలిచి, ఎదిగిందని బిడ్డను పొమ్మన్న చోట గట్టు నిలవదు.