కొంచెం ఇబ్బందిగా ఉంది, పెద్దమ్మా

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పొద్దు పొడిచింది మొదలు ఫిర్యాదులే. అచ్చం మన ఇంట్లోలాగే. మధ్యాహ్నం నుంచి మీరిద్దరూ నా దగ్గరికి ఎన్నిసార్లు వచ్చారో నాకు లెక్క తప్పిపోయింది. "అమ్మా, అక్క నన్ను చంపేస్తోంది!" అని ఒకడు. "అమ్మా, వీడు నా ప్రాణం తీస్తున్నాడు!" అని ఇంకొకతె. నాకైతే ఇద్దరూ బతికే కనిపిస్తున్నారు. సరే, కూర్చోండి. కథ అయ్యేదాకా ఎవరూ ఎవర్నీ గిల్లకండి.

ఆ అడవిలో తగవులు తీర్చేది ఒక ముసలి ఎలుగుబంటి. అందరూ ఆవిడని పెద్దమ్మా అని పిలిచేవాళ్లు. ఒకప్పుడు చురుకైన మనిషే. మనిషేమిటి, ఎలుగే. ఎవరు పిలిచినా లేచి వెళ్లి, కళ్లారా చూసి, అక్కడికక్కడే తేల్చేసేది. ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి. పైగా ఏళ్ల తరబడి ఇవే ఏడుపులు వినీ వినీ ఆవిడకి అందరి మీదా విసుగు పుట్టింది.

ఒక రోజు గోరింక గోలగోలగా ఎగిరొచ్చింది.

"పెద్దమ్మా! వడ్రంగిపిట్ట నన్ను రాచి రంపాన పెడుతోంది!" అంది.

పెద్దమ్మ మూలుగుతూ లేచి, కుంటుకుంటూ అంత దూరం వెళ్లింది. చూస్తే ఏముంది? వడ్రంగిపిట్ట పక్క కొమ్మ మీద టకటకా చెట్టు పొడుచుకుంటోంది. దాని పని అది చేసుకుంటోంది.

"దీన్ని రాచి రంపాన పెట్టడం అనరే. నీ కునుకు చెడింది, అంతే. విసిగిస్తోంది అను, చాలు" అంది పెద్దమ్మ.

మర్నాడు ఉడుత వచ్చింది. "కొండముచ్చు నన్ను కాల్చుకు తింటోంది, పెద్దమ్మా!" అంది. పెద్దమ్మ మళ్లీ వెళ్లింది. కొండముచ్చు ఒకే ఒక్కసారి ఉడుత తోక లాగి, పళ్లికిలించి పారిపోయిందట.

"దాన్ని ఆటపట్టించడం అంటారు" అని చెప్పి పెద్దమ్మ వెనక్కి వచ్చేసింది.

మూడోనాడు అడవిపంది వచ్చింది. "నా పిల్లలు నా ప్రాణాలు తోడేస్తున్నారు, పెద్దమ్మా!" అంది. వెళ్లి చూస్తే ఏడు పిల్లలు దుంపలు పెట్టమని వెనకాలే తిరుగుతున్నాయి.

"ఇది సతాయించడమే తల్లీ. పిల్లలన్నాక సతాయించరా? నాలుగు దుంపలు తవ్వి పెట్టు" అంది పెద్దమ్మ. నాకు మాత్రం ఆ పందిని చూస్తే జాలేస్తుంది.

ఆ సాయంత్రానికి పెద్దమ్మ మోకాళ్లు బూరెల్లా పొంగాయి. అందర్నీ పిలిచి ఒక మాట చెప్పింది.

"ఇకమీదట మీరనే మాటను బట్టే నా నడక. విసిగిస్తున్నారంటే కూర్చున్న చోటే వింటాను. సతాయిస్తున్నారంటే కబురు పంపుతాను. వేధిస్తున్నారంటేనే లేచి వస్తాను. చిన్నదానికి పెద్ద మాట వాడారో, నెల రోజులు నాకు మొహం చూపించకండి!"

అందరూ తలలూపారు. ఆ పద్ధతి వినడానికి బాగానే ఉంది. అలసిపోయినవాళ్లు పెట్టే పద్ధతులన్నీ వినడానికి బాగానే ఉంటాయి. నేనూ పెడుతుంటానుగా.

ఆ అడవిలోనే పొలుసమ్మ అని ఒక అలుగు ఉండేది. అలుగంటే తెలుసుగా? ఒంటినిండా గట్టి పొలుసులు. చీమలూ చెదలూ తిని బతుకుతుంది. భయమేస్తే ఉండలా చుట్టుకుపోతుంది. పొలుసమ్మకి గొంతు పెద్దది కాదు. ఎదురు మాట్లాడటం రాదు. సొంతంగా తవ్వుకున్న బొరియ ఒకటి, తోక మీద ఎక్కి తిరిగే చంటిపిల్ల ఒకటి, అదే దాని లోకం.

ఆ బొరియ మీద ముళ్లపంది ముళ్లయ్య కన్ను పడింది. ఒక పొద్దున వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"పిన్నీ, ఈ ఇల్లు నీకు మరీ పెద్దదైపోలేదూ?" అన్నాడు నవ్వుతూ.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అది తిండికి బయలుదేరితే గుమ్మానికి అడ్డంగా ముళ్లు విప్పి గలగలలాడించేవాడు.

"వెళ్లు పిన్నీ, వెళ్లు. నేను వద్దన్నానా?" అనేవాడు.

ఆ ముళ్ల మధ్య నుంచి చంటిపిల్లతో ఎలా వెళ్తుంది? సగం రోజులు పస్తే.

పొలుసమ్మ పెద్దమ్మ దగ్గరికి వెళ్లింది.

"కొంచెం ఇబ్బందిగా ఉంది, పెద్దమ్మా. ముళ్లయ్య మా గుమ్మంలో కూర్చుంటున్నాడు" అంది.

"కొట్టాడా?"

"లేదు."

"తిట్టాడా?"

"లేదు, పెద్దమ్మా. పిన్నీ అనే పిలుస్తాడు."

"మరింకేం? కాస్త పక్కకి జరగమని చెప్పు" అంది పెద్దమ్మ ఆవలిస్తూ.

పదిహేను రోజుల తర్వాత మళ్లీ వెళ్లింది. ఒళ్లు సగమైపోయింది. పెద్దమ్మ కళ్లు మూసుకునే వింది.

"కాస్త విసిగిస్తున్నాడు, పెద్దమ్మా" అంది పొలుసమ్మ.

పెద్దమ్మకి భలే ముచ్చటేసింది. "చూశారటర్రా, ఎంత పద్ధతిగా చెప్పిందో! ఏయ్ గోరింకా, విని నేర్చుకో. విసిగించడమే కదా పొలుసమ్మా, కొన్నాళ్లు ఓర్చుకో. వాడే మానేస్తాడు" అంది.

ఇంకో పదిహేను రోజులకి పొలుసమ్మ మూడోసారి వచ్చింది. అందరికంటే వెనకాల నిలబడింది. తన వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు.

"ఏం లేదులెండి, పెద్దమ్మా. అలవాటైపోయింది" అని వెళ్లిపోయింది.

పెద్దమ్మ అమ్మయ్య అనుకుంది. ఒక తగవు తగ్గింది కదా మరి! నాకిక్కడ పెద్దమ్మ మీద ఒళ్లు మండుతుంది. కానీ ఏమనను? ఆ మోకాళ్ల నొప్పి నాకూ తెలుసు.

నాలుగు రోజులు పోయాక గోరింక వచ్చి కొమ్మ మీద వాలింది. ఈసారి గోల చేయలేదు.

"పెద్దమ్మా, పొలుసమ్మ పిల్లని తీసుకుని వానలో వెళ్లిపోయింది. బొరియలో ముళ్లయ్య ఉంటున్నాడు" అంది నెమ్మదిగా.

పెద్దమ్మ లేచింది. ఎవరూ ఏ మాటా అనకుండానే లేచింది. బొరియ దగ్గరికి వెళ్లి ముళ్లయ్యని బయటికి పిలిచింది.

"నేనేం చేశాను పెద్దమ్మా? ఒక్క మాట అన్నానా? ఒక్క దెబ్బ వేశానా? ఊరికే కూర్చున్నాను. తనే వెళ్లిపోయింది" అన్నాడు ముళ్లయ్య.

"ఎన్నాళ్లు కూర్చున్నావురా?" అని అడిగింది పెద్దమ్మ.

ముళ్లయ్య తల దించుకున్నాడు. "నలభై రోజులు" అన్నాడు.

పెద్దమ్మకి అప్పుడు తెలిసింది. ఒక రోజు కూర్చుంటే అది విసిగించడం. నలభై రోజులు కూర్చుంటే అదే వేధించడం. పని మారలేదు, మాట మారిపోయింది. ఎన్నాళ్ల నుంచి అని తను ఒక్కసారీ అడగలేదు. ముళ్లయ్యని ఆ క్షణమే అడవి దాటించి తరిమేసింది. తర్వాత పొలుసమ్మని వెతుక్కుంటూ బయలుదేరింది.

రెండు రోజులు వెతికితే రాళ్లగుట్ట మీద ఒక బండ సందులో కనిపించింది. పిల్ల పక్కనే ఉంది. గుమ్మం దాటేటప్పుడు ముల్లు దిగి, దాని ముందుకాలు వాచి ఉంది.

"ఎంత పని చేశావే! వేధిస్తున్నాడని ఒక్క మాట అంటే లేచి వచ్చేదాన్ని కదా!" అంది పెద్దమ్మ.

"ఆ మాట నాకు తెలుసు, పెద్దమ్మా. అంటే అందరి ముందూ అన్నీ చెప్పాలి. పెద్ద మాట వాడిందని నవ్వుతారేమో అనిపించింది. ఆ మాట అనడానికి ఒంట్లో సత్తువ ఉండాలి. అంత సత్తువే ఉంటే ఇల్లు వదిలి వస్తానా?" అంది పొలుసమ్మ.



"వాణ్ని తరిమేశాను. ఇంటికి రా తల్లీ" అంది పెద్దమ్మ.

"వద్దులెండి. ఆ గుమ్మం చూస్తే పిల్ల ఉండ చుట్టుకుపోతుంది."

"మరి ఇక్కడ తిండీ తిప్పలూ?"

"ఏం ఇబ్బంది లేదు, పెద్దమ్మా" అంది పొలుసమ్మ.

పెద్దమ్మ ఈసారి ఆ మాట నమ్మలేదు. దగ్గరికి వెళ్లి చూసింది. ఆ రాళ్లలో చీమన్నది లేదు. తల్లి డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. ఆవిడ గుట్ట దిగింది. చెదలు పట్టిన పుట్ట పెళ్ల ఒకటి విరిచి, గుండెకి పొదువుకుని, ఆ మోకాళ్లతోనే మళ్లీ గుట్ట ఎక్కింది. మర్నాడూ తెచ్చింది. పిల్ల కాలు నయమయ్యేదాకా తెస్తూనే ఉంది. కాలు నయమైంది కానీ కుంటు మిగిలిపోయింది. పొలుసమ్మ మాత్రం అడవికి తిరిగి రాలేదు.

నీతి: చెప్పిన మాట చిన్నదని బాధను చిన్నదనుకోకూడదు, ఎంత అలసిపోయినా సరే, లేచి వెళ్లి చెప్పినవాళ్ల ముఖం చూడాలి.