చప్పుడు చేయని పెట్టె

ఏ కంప్యూటర్ కొనాలో విరూపాక్షికి తేలలేదు. ఉగాది వెళ్ళగానే మొదలుపెట్టిన వెతుకులాట కార్తీకం వచ్చినా తెగలేదు.

అతను కరెంటు ఆఫీసులో ఇంజనీరు. ఎమ్మిగనూరులో మోటరు కొనాలన్నా, ఫ్యాను మార్చాలన్నా, ఇన్వర్టరు పెట్టించుకోవాలన్నా తెలిసినవాళ్ళు ముందు అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. ఏ వస్తువు ఎంత కరెంటు తాగుతుందో, ఏది ఎన్నాళ్ళు నిలుస్తుందో అతనికి కొట్టిన పిండి. విరూపాక్షి సరేనన్నాడంటే కళ్ళు మూసుకొని కొనొచ్చని ఊళ్ళో అనేవాళ్ళు. ఆ మాటంటే అతనికి లోలోపల ఇష్టం.

ఇప్పుడు కొనాల్సింది తన ఇంటికే. పెద్ద యంత్రమేమీ కాదు, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్. చవకగా దొరకాలి. కరెంటు తక్కువ తాగాలి. కరెంటు పోయినా ఇన్వర్టరు మీద పొద్దస్తమానం నడవాలి. చప్పుడు చేయకూడదు. అంతే.

మొదట పెట్టె కూడా లేని, పచ్చటి పలక మీదే అన్నీ బిగించి ఉన్న కంప్యూటర్ ఒకటి తెచ్చాడు. అన్నిటికన్నా చవక, కరెంటు తాగీ తాగనట్టు తాగుతుంది. కానీ దానికి డబ్బా వేరే కొనాలి, ఛార్జరు వేరే కొనాలి, లోపలి కార్డు ఎప్పుడు చెడుతుందో తెలియదు. వెనక్కి ఇచ్చేశాడు. తర్వాత ఏదో ఆఫీసులో వాడి తీసేసిన పాత పెట్టె తెచ్చాడు. గట్టిదే, కానీ లోపల చిన్న ఫ్యాను సన్నగా గురగురమంటూనే ఉంటుంది. అదీ వెనక్కి పోయింది. మూడోది కొత్తది, ఫ్యానే లేనిది. చెవి ఆనించినా చప్పుడు లేదు. మీటరు పెట్టి చూస్తే వసారాలో వెలిగే బల్బుతో సమానంగా తాగింది. ఇక వంక పెట్టడానికేమీ మిగల్లేదనుకున్నప్పుడు, వచ్చే నెలలో ఇంతకన్నా మంచిది వస్తోందని ఎక్కడో చదివాడు.

విప్పినదాన్ని విప్పినట్టే మళ్ళీ అట్టపెట్టెలో సర్దేశాడు.

అతని భార్య సులోచన వంటింటి గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అతను ఆ అట్టపెట్టె సంకన పెట్టుకొని కోటమ్మగారి మఠానికి బయలుదేరాడు.

మఠమంటే పెద్ద కట్టడం కాదు. మగ్గాల సందులు దాటాక రెండు గదుల పెంకుటిల్లు, దాని ముందు వసారా. కోటమ్మగారు విగ్రహపూజ లేని అచల సంప్రదాయంలో గురువు. కాషాయం కట్టరు, మాల వేసుకోరు, విభూతి ఇవ్వరు. భర్త పోయాక ఆయన కూర్చున్న చోట శిష్యులు ఆమెను కూర్చోబెట్టారు. పౌర్ణమికి అందరూ చేరి తత్వాలు పాడుకుంటారు. మిగతా రోజుల్లో ఆమె ఏదో ఒక ఇంటిపని చేసుకుంటూ, వచ్చినవాళ్ళు చెప్పుకునేది వింటూ ఉంటారు. విరూపాక్షి, సులోచన పెళ్ళయిన కొత్తలోనే ఆమె దగ్గర ఉపదేశం తీసుకున్నారు. పౌర్ణమి పాటల్లో చాలా ఏళ్ళపాటు అందరికన్నా ముందు ఎత్తుకునే గొంతు సులోచనదే. ఉగాది తర్వాత ఆమె మఠానికి రావడం మానేసింది. విరూపాక్షి ఒక్కడే వచ్చి వెళ్ళేవాడు. ఆమెకు ఒంట్లో నలతగా ఉందని చెప్పేవాడు. కోటమ్మగారు తిరిగి అడిగేవారు కాదు.

అతను వెళ్ళేసరికి ఆమె వసారాలో కూర్చొని చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు.

"ఏమిరా నాయనా, సంకలో ఏమి?"

"కంప్యూటరమ్మా. చిన్నది. ఉంచుకోవాలో మార్చుకోవాలో తేల్చుకోలేకున్నాను. మీరు ఒక మాట చెప్తే అట్లే చేస్తాను."

"దాన్ని గురించి నాకేమి తెలుసు?"

"తెలియకపోయినా సరేనమ్మా. మీ నోటి నుంచి వస్తే చాలు."

ఆమె చేట పక్కకు జరిపారు. "విప్పు, చూద్దాం."

విరూపాక్షి ఉత్సాహంగా విప్పాడు. ఏ తీగ ఎక్కడ పెట్టాలో, ఎంత కరెంటు తాగుతుందో, ఫ్యాను లేకుండా వేడిని ఎట్లా బయటికి పంపుతుందో చెప్పాడు. ముందు తెచ్చిన రెండూ ఎందుకు పనికిరాలేదో చెప్పాడు. కోటమ్మగారు పెట్టెను చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగుంది. దేనికి ఇది?"

"ఇంట్లోకమ్మా."

"ఇంట్లో దేనికి?"

"పొద్దంతా ఆన్‌లోనే ఉండాలమ్మా. అందుకే ఇంత తక్కువ తాగేది చూస్తున్నాను. మామూలు కంప్యూటరైతే కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు తట్టుకోలేదు."

"పొద్దంతా ఎవరు వాడుతారు?"

"సులోచన."

"వాడి?"

"టైపు చేస్తుంది. ఉద్యోగం మానుకునేదాకా ఆఫీసులో టైపిస్టే కదా. ఫోను మీద ఆ చిన్న అక్షరాలు ఆమెకు కుదరవు. వేళ్ళకు కీబోర్డే అలవాటు."

"టైపు చేస్తే ఏమవుతుంది?"

విరూపాక్షి అట్టపెట్టె మూత సర్దాడు. సర్దిన మూతను తీసి మళ్ళీ సర్దాడు.

"వచ్చే నెల ఇంకోటి వస్తుందంటున్నారమ్మా" అన్నాడు. "దీనికన్నా తక్కువ తాగుతుందంట."

కోటమ్మగారు చేట దగ్గరికి లాక్కొని మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టారు.

అప్పుడే ఖాజాబీ వచ్చింది. పక్క సందులో ఉంటుంది, ఇంట్లో మగ్గం నేస్తుంది. కోటమ్మగారిని అక్కా అని పిలుస్తుంది. విరూపాక్షిని చూసి కొంగు సర్దుకొని, వసారా చివర కూర్చుంది.

"అక్కా, నీ కాడికి శానామంది వస్తారు. ఎవరి ఇంట్లోనన్నా పాత కంప్యూటర్ మూలన పడుంటే ఇప్పిస్తావా?"

"దేనికే?"

"మా పిల్ల నసీమా లెక్కల కంప్యూటర్ నేర్చుకుంటా ఉంది. స్నేహితురాలి ఇంట్లో కూచొని చేసుకుంటా ఉండె. వాళ్ళు ఊరు మారిపోయినారు. రెండు వారాల్లో పరీక్ష. చేయి ఆడకపోతే మరిచిపోతుంది."

కోటమ్మగారు చేతులు దులుపుకొని విరూపాక్షి వైపు తిరిగారు.

"నాయనా, ఇది నాకిస్తావా?"

విరూపాక్షి అలవాటుగా చేతులు జోడించాడు. గురువు అడిగితే శిష్యుడి నోట వచ్చే మాటే అతని నోటా వచ్చింది. "అంతా మీదే కదమ్మా."

ఆమె పెట్టెను రెండు చేతులతో ఎత్తి ఖాజాబీ ఒళ్ళో పెట్టారు. "తీసుకోపో. పిల్లకియ్యి."

ఏం జరిగిందో విరూపాక్షికి ఒక క్షణం అర్థం కాలేదు. ఆమె నవ్వుతారేమో, వెనక్కి తీసుకుంటారేమోనని చూశాడు. ఆమె నవ్వలేదు. ఖాజాబీకీ నమ్మకం కుదరలేదు. ఒళ్ళో పెట్టెను ముట్టుకోకుండా ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత మెల్లగా దాన్ని పట్టుకొని లేచింది.

విరూపాక్షి కూడా లేచాడు.

"అమ్మా, అది సులోచనకు."

"సులోచనకు దేనికో నువ్వు చెప్పలేదు. ఈమె చెప్పింది."

"ఆమెకు గొంతు లేదమ్మా."

ఆ మాట అంత గట్టిగా వస్తుందని అతను అనుకోలేదు. సందులో ఎవరో మగ్గం ఆపారు. ఇంత కాలంలో ఆ వసారాలో అతను గొంతు పెంచింది లేదు. ఇప్పుడు ఆపుకుందామన్నా ఆగలేదు.

"రాచపుండు అన్నారు. ఆపరేషన్ చేసి గొంతే తీసేసినారు. ఇక మాట రాదు. నెల పోతే వస్తుంది, ఏడాది పోతే వస్తుంది అనేది లేదు. ఎప్పటికీ రాదు. ఆమె టైపు చేస్తే ఆ పెట్టె చదువుతుంది. ఆమె బదులు అది మాట్లాడాలి. దాన్ని తీసుకొని వేరేవాళ్ళకు ఇస్తారా?"

కోటమ్మగారి మీద అరిచానని అతనికి తెలిసింది. కానీ అతన్ని అక్కడే నిలబెట్టేసింది అది కాదు. ఆఫీసులో అడిగినవాళ్ళకు గొంతు కొద్దిగా బాగాలేదన్నాడు. ఇరుగుపొరుగుకు రెస్టు ఇవ్వమన్నారని చెప్పాడు. సులోచన అన్నకు కూడా ఫోనులో, మెల్లగా వస్తుందిలే బావా అన్నాడు. ఎప్పటికీ రాదు అన్న మాట డాక్టరు నోటి నుంచి విన్నాడు గానీ, తన నోటితో అనడం ఇదే మొదలు. అది ఎవరో వేరే మనిషి చెప్పగా వింటున్నట్టు విన్నాడు.

"ఇప్పుడు చెప్పినావు" అన్నారు కోటమ్మగారు.

ఖాజాబీ కళ్ళు తుడుచుకుంటూ పెట్టెను తెచ్చి అతని ముందు పెట్టింది. "వద్దు అన్నా. నాకు తెలీదు. నువ్వే తీసుకోపో. సులోచనక్క పాటంటే నేను పని ఆపి ఆలకిస్తా ఉంటిని."

విరూపాక్షి ఆ పెట్టె వైపు చూశాడు. వంగి, దాని పక్కన తీగ, ఛార్జరు కూడా సర్ది, అన్నీ కలిపి ఆమె చేతికిచ్చాడు.

"తీసుకో. ఈ తీగ లేకుంటే పని చేయదు. పిల్లకు రేపు సాయంత్రం వచ్చి బిగించి చూపిస్తాను."

ఆమె ఇంకా తటపటాయించింది. కోటమ్మగారు తలూపాక వెళ్ళిపోయింది.

విరూపాక్షి వసారా మెట్టు మీద కూలబడ్డాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"అయితే ఏది కొనమంటారమ్మా?"

"అంగడి మూసేలోపల పో" అన్నారామె. చేటలో పొట్టు ఊదుకున్నారు.

దారిలో అతనికి ఆపరేషన్ అయిన కొత్తలో జరిగిన ఒక సంగతి గుర్తుకొచ్చింది. తెలుగు చదివే యంత్రం ఎట్లా పలుకుతుందో చూద్దామని ఫోనులో పెట్టాడు. సులోచన వంటింట్లో ఉంది. ఎవరిదో, ఊరూ పేరూ లేని ఆడగొంతు, ఒక్కొక్క అక్షరం విడదీసి, "నేను" అంది. ఆ ఒక్క మాటకే ఆపేశాడు. మరుసటి రోజు నుంచే ఏ పెట్టె ఎంత కరెంటు తాగుతుందో చదవడం మొదలుపెట్టాడు. రెంటికీ ఏదో సంబంధం ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు రోడ్డు మధ్యలో కాళ్ళు ఆగిపోయాయి. వెనక ఆటోవాడు హారన్ కొట్టాక గానీ పక్కకు జరగలేదు.

ఇన్ని నెలలు తను వెతికింది చప్పుడు చేయని పెట్టెనే.

అంగడివాడు షట్టరు సగం దించి ఉన్నాడు. విరూపాక్షి లోపలికి దూరి, అరలో ఉన్న పాత పెట్టెను చూపించాడు.

"ఇది గురగురమంటుందని మీరే తెచ్చిచ్చినారు సార్" అన్నాడు అంగడివాడు.

"అననీ."

"కొత్తవి వచ్చే నెల—"

"ఇది కట్టియ్యి."

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. సులోచన అతని చేతిలో పాత పెట్టెను చూసి కనుబొమలు పైకెత్తింది. కొత్తదేమైందని చేత్తో అడిగింది. అతను చెప్పాడు. ఖాజాబీ సంగతి చెప్పాడు, తను అరిచిన సంగతి చెప్పాడు, ఏమని అరిచాడో కూడా చెప్పాడు. ఆ మాటలు అనేటప్పుడు ఆమె మొహం చూడాలని ఎంత ప్రయత్నించినా చూడలేకపోయాడు. ఆమె చేయి వచ్చి అతని భుజం మీద కాసేపు ఆగింది.

టీవీ తెరకు తగిలించి, కీబోర్డు పెట్టి, స్పీకరు కలిపాడు. చదివే గొంతుల్లో ఏది కావాలో ఆమెనే ఎంచుకోమన్నాడు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకొని, వేళ్ళు విరుచుకొని, కీబోర్డు మీద చేతులు పెట్టింది.

అక్కడ నిలబడటం అతని వల్ల కాలేదు. మొక్కలకు నీళ్ళు పోయాలని ఏదో గొణిగి పెరట్లోకి వెళ్ళాడు. కొళాయి కింద బకెట్ పెట్టి తిప్పాడు. నీళ్ళు పడుతున్న చోటే చూస్తూ నిలబడ్డాడు. కోటమ్మగారి వసారాలో తను అన్న మాటలే చెవిలో తిరుగుతున్నాయి. ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు.

"ఏమండీ. బకెట్ నిండింది. కొళాయి కట్టేయండి."

"ఆఁ, కట్టేస్తున్నా" అంటూ చేయి చాపి కట్టేశాడు.

నీళ్ళ చప్పుడు ఆగింది. కాళ్ళ చుట్టూ బురదయింది, చెప్పులు తడిసిపోయాయి.

అతను కొళాయి మీది చేయి తీయలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. పెరటి గోడ మీద పిల్లి ఒకటి నడుచుకుంటూ పోయి అవతలికి దూకింది.

లోపల్నుంచి కీబోర్డు టకటకలాడింది. ఆగింది. ఆ ఊరూ పేరూ లేని గొంతు, ఒక్కొక్క అక్షరం విడదీసి, అడిగింది.

"వినిపించిందా?"

"వినిపించింది సులోచనా" అన్నాడు విరూపాక్షి.